యూకాన్‌లో మూస్ వేట: తుపాకీ పని ఒక్క నిమిషం, కత్తి పని అర్ధరాత్రి దాకా

కెనడా వాయవ్య మూలనున్న యూకాన్‌లో మూస్, అంటే దుప్పి జాతి జంతువు, తూటా తగిలి పడ్డాక దగ్గరికి వెళ్లి చూస్తే నోట మాట రాలేదు. దూరం నుంచి గేదె అంత ఉంటుందేమో అనుకున్నాను. దగ్గరికెళ్తే రెండు గేదెలంత ఉంది. ఒక్కో కాలు నా ఛాతీ దాకా వస్తుంది. కొమ్ములు అడ్డంగా పెడితే మా ఇంటి గుమ్మంలో పట్టవు. పక్కింటాయన టోపీ తీసి కాసేపు అలాగే నిలబడ్డాడు. గైడ్ మాత్రం జాకెట్ విప్పి కొమ్మకి తగిలించి, కత్తికి సాన పెట్టుకుంటూ, "చీకటి పడటానికి మూడు గంటలుంది, రండి" అన్నాడు.

ఆ మూడు గంటలూ చాలనే లేదు.

నేనుండేది కెనడాలోనే, బ్రిటిష్ కొలంబియాలోని సర్రేలో. సొంతూరు మార్కాపురం దగ్గర. పక్కింటాయన రిటైరైన ఎలక్ట్రీషియన్, 67 ఏళ్లు, ఈ ట్రిప్ కోసం ఎన్నో ఏళ్లుగా డబ్బు దాచుకున్నాడు. కొడుకులిద్దరూ కుదరదన్నారట. "నువ్వొస్తావా, బరువులు మొయ్యాలి మరి" అని నన్నడిగాడు. అలా తుపాకీ పట్టని తోడు మనిషిగా వెళ్లాను. వేట ట్రిప్పులు నడిపే ఔట్‌ఫిట్టర్ల దగ్గర దీన్ని అబ్జర్వర్ అంటారు, దానికీ ఫీజు ఉంటుంది. ఫోన్‌లో అమ్మకి చెప్తే, "కృష్ణజింక కేసులాగా కోర్టుల చుట్టూ తిప్పరు కదరా?" అంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దగ్గర వేటంటే నేరమే కాబట్టి ఆవిడ భయం ఆవిడది. ఇక్కడ లైసెన్సు, సీజను, ట్యాగు అన్నీ ఉంటాయనీ, ట్యాగు ఒక్కటే కాబట్టి జంతువు కూడా ఒక్కటేననీ చెప్పాను. పూర్తిగా నమ్మినట్టు లేదు.

నాకిది మొదటి క్యాంపు కాదు. రెండేళ్ల క్రితం మే నెలలో మా పక్క రాష్ట్రం ఆల్బర్టా ఉత్తరాన, పీస్ రివర్ వైపు నల్ల ఎలుగుబంటి వేటకి వెళ్లాను, అప్పుడు తుపాకీ నాదే. ఔట్‌ఫిట్టర్ పేరు చెప్పను. ఫొటోల్లో చెక్క క్యాబిన్ చూపించారు, తీరా వెళ్తే ఆయిల్ ఫీల్డ్ పనివాళ్లు ఉండే ట్రైలర్ ఇచ్చారు. ఆరుగురికి ఒక్క బాత్‌రూమ్. వంటమనిషి రెండో రోజే మానేసింది, ఆ తర్వాత వారమంతా హాట్‌డాగులే. నలుగురు వేటగాళ్లకి ఒక్కడే గైడ్. సాయంత్రం మనల్ని అడవిలో చెట్టుకి కట్టిన మంచె దగ్గర దింపి, చీకటి పడ్డాక వచ్చి తీసుకెళ్తాడు. అక్కడ మే నెలలో చీకటి పడేసరికి రాత్రి పది దాటుతుంది. అంతసేపూ దోమలే మనకి సావాసం.

ఆల్బర్టాలో కొన్ని ప్రాంతాల్లో ఎలుగుకి ఎర పెట్టడం చట్టబద్ధమే. ఇనుప డ్రమ్ములో ఓట్స్ గింజలు, వాడేసిన నూనె, ఎండిపోయిన డోనట్లు పోసి ఉంచుతారు. ఆ డ్రమ్మే కొలబద్ద కూడా. ఎలుగు వీపు డ్రమ్ము ఎత్తుకి ఎక్కడిదాకా వచ్చిందో చూసి సైజు చెప్తారు. అంతకన్నా నమ్మకమైన గుర్తు చెవులు. పిల్లదానికి అవి నెత్తి మీద నిక్కబొడుచుకుని గాడిద చెవుల్లా కనిపిస్తాయి. ముదురు మగదానికి తల వెడల్పయి, చెవులు చిన్నగా పక్కలకి జరిగినట్టుంటాయి. నాలుగో రోజు నా ముందుకొచ్చిన దానివి అచ్చం గాడిద చెవులే. గైడ్‌కి మెసేజ్ పెడితే, "కాల్చెయ్, రేపు వాన" అని జవాబు. నేను కాల్చలేదు. ఖాళీ చేతులతో వచ్చాననే బాధ లేదు. పక్క ట్రైలర్ ఆయన కొట్టిన ఎలుగు తోలు, పుర్రె జాగ్రత్తగా సర్ది, మాంసాన్ని ఎండలో పికప్ వెనకే వదిలేశారు. సాయంత్రానికి అది పనికిరాకుండా పోయింది. ఆ వాసన ఇప్పటికీ గుర్తే.

అందుకే పక్కింటాయన యూకాన్ ఔట్‌ఫిట్టర్‌తో మాట్లాడే రోజు పక్కన కూర్చుని నేను అడిగించిన మొదటి ప్రశ్న, "మాంసం ఎక్కడ వేలాడదీస్తారు?" అని. అవతల ఆయన ఇరవై నిమిషాలు దాని గురించే మాట్లాడాడు. కొమ్ముల ఊసే రాలేదు. అక్కడే బుక్ చేసేశాం.

యూకాన్‌లో బయటివాళ్లు పెద్ద జంతువుల్ని వేటాడాలంటే గైడ్ తప్పనిసరి. ఒక్కో ఔట్‌ఫిట్టర్‌కి ఒక్కో ప్రాంతం కేటాయించి ఉంటుంది, ఇంకొకరి హద్దులోకి వెళ్లకూడదు. ఆంధ్ర, తెలంగాణ రెండూ కలిపినా యూకాన్ వాటికి ఒకటిముప్పావు రెట్లు ఉంటుంది, మనుషులు మాత్రం 50 వేల లోపే. మనుషుల కన్నా మూస్‌లే ఎక్కువ. దుప్పి జాతిలో అన్నిటికన్నా పెద్దది మూస్, అందులోనూ అలాస్కా, యూకాన్ రకం ఇంకా పెద్దది. ముదురు మగది 600 కిలోలు తూగుతుంది.

వాంకూవర్ నుంచి వైట్‌హార్స్‌కి ఎయిర్ నార్త్‌లో వెళ్లాం, రెండున్నర గంటలు. విమానంలో వేడి వేడి కుకీలు ఇచ్చారు. ఈ కాలంలో అదే పెద్ద మర్యాద. రైఫిల్ తాళం వేసిన గట్టి పెట్టెలో, తూటాలు విడిగా, మనిషికి 5 కిలోల లోపు. కౌంటర్‌లో పావుగంట కూడా పట్టలేదు. వైట్‌హార్స్‌లో మెయిన్ స్ట్రీట్ దగ్గరే మామూలు హోటల్ తీసుకున్నాం. సెప్టెంబర్‌లో కూడా గది ధర చూస్తే కళ్లు తిరుగుతాయి, లోపల చూస్తే మన జిల్లా కేంద్రంలో లాడ్జి గుర్తొస్తుంది. కానీ రెండు అడుగులేస్తే యూకాన్ నది, ఒడ్డున ఎస్ఎస్ క్లోండైక్ అనే పాత ఆవిరి పడవ. ఆ నీళ్ల రంగు చూస్తూ కూర్చుంటే హోటల్ మీద కోపం పోయింది.

మర్నాడు ష్వాట్కా సరస్సు మీంచి బీవర్ విమానం. చక్రాలకి బదులు నీళ్ల మీద తేలే పడవల్లాంటి గొట్టాలుంటాయి. ఈ మోడల్ తయారీ 1967లోనే ఆగిపోయింది, అంటే నాకన్నా పెద్దది. పైలట్ మా సంచులన్నీ తూకం వేసి, ఆవకాయ సీసా ఉన్న సంచి పట్టుకుని "ఇందులో ఇటుకలున్నాయా?" అన్నాడు. మెక్‌మిలన్ నది వైపు గంటకి పైగా ప్రయాణం. కింద ఎర్రబడిన పొదలు, పసుపు పూసినట్టున్న చెట్లు, మధ్యలో పేరులేని చెరువులు. ఎక్కడా రోడ్డు లేదు.

బస గురించి చెప్పాలంటే, రెండు రకాలు. సరస్సు ఒడ్డున దుంగల క్యాబిన్ ప్రధాన క్యాంపు. కట్టెల పొయ్యి, బంకు మంచాలు, వారానికి రెండుసార్లు వేన్నీళ్ల స్నానం. వంటావిడ చేసే రొట్టె వాసనకే తెల్లారేది. కానీ మేమక్కడున్నది రెండు రాత్రులే. మిగతా రోజులు నది వెంట పడవలో రెండు గంటలు పోయి వేసుకున్న చిన్న గుడారంలో. అందులో మడత మంచాలు, అరచెయ్యంత రేకు పొయ్యి, చుట్టూ బ్యాటరీతో నడిచే కరెంటు కంచె. తెల్లారేసరికి తాగునీటి సీసా గడ్డకట్టేది. తిండి, టూత్‌పేస్టు, చివరికి నా కందిపొడి కూడా ఎలుగులు తెరవలేని డబ్బాల్లోకి. ఇంగువ వాసన చూసి గైడ్, "దీనికి ఎలుగు వస్తుందో పారిపోతుందో నాకు తెలీదు, లోపల పెట్టు" అన్నాడు. మూడో రోజు నుంచి తనే ఆ పొడి అడిగి అన్నంలో కలుపుకున్నాడు.

గైడ్ రాస్ రివర్ వైపు ఆదివాసీలైన కాస్కా తెగ మనిషి. నలభై ఐదేళ్లుంటాయి, మాట తక్కువ. మేమిచ్చిన డబ్బుకి అసలు విలువ నాలుగో రోజు సాయంత్రం తెలిసింది. నదికి కిలోమీటరున్నర దూరంలో, బురద నేల మధ్యలో పెద్ద మూస్ కనిపించింది. పక్కింటాయన చేతులు వణుకుతున్నాయి. గైడ్ బైనాక్యులర్స్ దించి "వద్దు" అన్నాడు. ఎందుకంటే జవాబు చెప్పకుండా నన్నా బురదలోకి వంద అడుగులు నడవమన్నాడు. మోకాలి దాకా దిగబడుతూ వెళ్లి, దిగబడుతూ వచ్చాను. "ఇప్పుడు వీపు మీద 50 కిలోలతో, మళ్లీ మళ్లీ" అన్నాడు. పక్కింటాయన ఆ రాత్రి ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత మూడు రోజులు వాన. అందరం గుడారం గుడ్డ వైపు చూస్తూ కూర్చున్నాం. ఆల్బర్టాలో "కాల్చెయ్" అన్న మెసేజ్ నాకు చాలాసార్లు గుర్తొచ్చింది.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం ఎండ వచ్చింది. సెప్టెంబర్ చివరివారం మగ మూస్‌లకి మదమెక్కే కాలం. గైడ్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టి ఆడ మూస్ అరుపు తీశాడు. దూడ దూరమైన ఆవు సాగదీసి అరిచినట్టుంటుంది. కాసేపాగి, సంచిలోంచి ఎండిన మూస్ భుజం ఎముక తీసి పొదలకేసి బరబరా గీశాడు. ఇంకో మగది కొమ్ములు రుద్దుకుంటున్నట్టు వినిపిస్తుందట. నలభై నిమిషాలు ఏమీ లేదు. తర్వాత అవతలి ఒడ్డు పొదల్లోంచి "ఉంగ్... ఉంగ్..." అని, బావిలో ఎవరో గొంతు సవరించుకున్నట్టు. ఒక్కో అడుక్కీ కొమ్మలు విరుగుతున్న చప్పుడు. బయటికొచ్చి నీళ్ల అంచున నిలబడింది. గైడ్ పక్కింటాయన భుజం మీద చెయ్యి వేసి ఆపాడు. నీళ్లలో పడితే లాగడం మనుషుల వల్ల కాదు. అది ఊగుకుంటూ పది అడుగులు పైకి, గులకరాళ్ల దిబ్బ మీదికి వచ్చింది. అప్పుడు చెయ్యి తీశాడు. ఒకే తూటా.

ఇక పని. తోలు ఒక పక్క ఒలిచి, దాన్నే చాపలా పరిచి, మాంసానికి ఇసుక అంటకుండా దాని మీదే కోశారు. వెనక తొడ ఒక్కటి విడదీసి నా వీపు మీద కట్టారు, అక్కడినుంచి పడవ 200 అడుగులే, మధ్యలో రెండుసార్లు కూర్చున్నాను. తొడలు, జబ్బలు, మెడ, పక్కటెముకలు, వెన్ను మాంసం, అన్నీ పల్చటి గుడ్డ సంచుల్లో. తినదగ్గది వదిలేస్తే యూకాన్‌లో నేరం. ఆఖరి రెండు గంటలు తలకి లైట్లు కట్టుకుని పని. వాళ్లు కోస్తుంటే నాకు ఎలుగుని తరిమే మిరప స్ప్రే ఇచ్చి చీకటి వైపు తిరిగి నిలబడమన్నారు. నా జీవితంలో అంత శ్రద్ధగా ఏ ఉద్యోగం చేయలేదు. క్యాంపు చేరేసరికి పన్నెండున్నర. మర్నాడు పొద్దున పడవలోంచే చూశాం, పేగులు వదిలిన చోట కొత్తగా మట్టి, నాచు కుప్పగా పోసి ఉంది. గ్రిజ్లీ, అంటే పెద్ద గోధుమరంగు ఎలుగు, వచ్చి తన వాటా పూడ్చిపెట్టుకుంది. మళ్లీ ఆ దిబ్బ మీద కాలు పెట్టలేదు.

ప్రధాన క్యాంపులో మాంసం వేలాడదీసే చోటు చూశాక ఫోన్‌లో చెప్పిన ఇరవై నిమిషాలూ నిజమని తేలింది. పైన రేకు, చుట్టూ ఈగలు దూరని జాలీ, అన్నివైపులా గాలి. ఆ రాత్రి నేను వంట చేస్తానన్నాను. ఉల్లిపాయలు, అల్లం వెల్లుల్లి, మిరియాలతో మూస్ ఇగురు. కొవ్వు తక్కువ, ఆవు మాంసం కన్నా వాసన తక్కువ, ఉడకడానికి మాత్రం ఓపిక కావాలి. కార్జం వేపుడు కూడా చేద్దామని పెద్ద ముక్క కోస్తుంటే గైడ్ ఆపాడు. యూకాన్ మూస్‌ల కార్జం, మూత్రపిండాల్లో కాడ్మియం పేరుకుంటుంది, ఆరోగ్యశాఖ మితంగా తినమంటుంది. అందుకని తలా రెండు ముక్కలు. ఎలుగు మాంసమైతే ఇంకో జాగ్రత్త. లోపలి వేడి 74 డిగ్రీలు దాటేలా ఉడికించాలి. ట్రైకినెల్లా పురుగుల్లో చలి ప్రాంతాల రకం ఫ్రీజర్‌లో పెట్టినా చావదు.

తిరుగు ప్రయాణానికి పొగమంచు వల్ల విమానం రెండు రోజులు రాలేదు. మేం అటూ ఇటూ ఒక్కరోజే ఖాళీ పెట్టుకున్నాం కాబట్టి వాంకూవర్ టికెట్లు పోయాయి. తప్పు మాదే. వెళ్లేవాళ్లు కనీసం మూడు రోజులు ఖాళీగా ఉంచుకోండి. మాంసం యూకాన్ దాటాలంటే ఎగుమతి పర్మిట్ కావాలి, ఔట్‌ఫిట్టరే చూసుకున్నాడు. కోయించి, గడ్డకట్టించి, 80 కిలోలు మాతో తెచ్చుకున్నాం. మిగిలింది గైడ్ వాళ్ల ఊరికి వెళ్లింది.

ఖర్చు సంగతి. యూకాన్‌లో గైడ్‌తో మూస్ వేటంటే 20 వేల అమెరికన్ డాలర్ల పైమాటే, పన్నులు, ట్యాగు, టిప్పు విడి. గైడ్‌కి పది శాతం దాకా ఇవ్వడం రివాజు, వంటావిడని మర్చిపోవద్దు. అబ్జర్వర్‌గా నాకు అందులో చిన్న ముక్కే పడింది, అయినా మా ఆవిడ ఇంకా లెక్క అడుగుతూనే ఉంది. ఆల్బర్టా ఎలుగు ట్రిప్పు ఇందులో ఐదో వంతు లోపే. ఆ డబ్బుకి మంచి క్యాంపులు లేవని కాదు, నేను ఎంచుకోవడంలో పప్పులో కాలేశాను.

గ్రిజ్లీ మీద మనసున్నవాళ్లకి చోట్లు తగ్గాయి. ఆల్బర్టాలో 2006లో, మా బ్రిటిష్ కొలంబియాలో 2017 చివర్లో ఆ వేట ఆపేశారు. అలాస్కా సంగతి వేరు. వేరే రాష్ట్రాల అమెరికా పౌరులు అక్కడ మూస్‌కి గైడ్ లేకుండా వెళ్లొచ్చు, గ్రిజ్లీ జాతిదే అయిన బ్రౌన్ బేర్‌కి మాత్రం కావాలి. అమెరికాలో స్థిరపడి పౌరసత్వం తీసుకున్న మనవాళ్లు, "అయితే విమానం మాట్లాడుకుని మనమే పోదాం" అంటుంటారు. పోవచ్చు. విమానం దిగిన మర్నాడు తెల్లవారుజాము 3 గంటల దాకా కాల్చకూడదు, మాంసం బయటికి చేరకముందు కొమ్ములు కదలకూడదు. గైడ్ లేకపోతే బురద నేల ముందు "వద్దు" అనాల్సింది మీరే. కొమ్ములు చూశాక ఎంతమంది అనగలరో నాకైతే అనుమానమే.

పక్కింటాయన గ్యారేజీలో గోడకి ఇప్పుడు ఆ కొమ్ములున్నాయి. మా ఫ్రీజర్‌లో నా వాటా ఇంకా ఆరు ప్యాకెట్లు. మొన్న అమ్మ వీడియో కాల్‌లో ఇగురు చూసి, "అది గొడ్డు మాంసమా, జింక మాంసమా?" అంది. జింకల్లో పెద్దదమ్మా అన్నాను. "పర్మిట్ కాగితం మాత్రం పారెయ్యకు" అంది.