చెక్క కిట్టు విమానానికి ఏ కవరింగ్ మేలు: ఫిల్మా, బట్టా, గ్లాస్ క్లాతా?

ఎగిరే మోడల్ విమానం కట్టేటప్పుడు, చట్రం అంతా కట్టేశాక పైన కప్పే కవరింగ్ సంగతి చూద్దాంలే అని చాలామంది వాయిదా వేస్తారు. అసలు విమానాన్ని కొలత తగ్గించి కట్టే స్కేల్ మోడల్‌లో ఆ పద్ధతి దెబ్బ తీస్తుంది. డోప్ (బట్టని బిగించే లక్కలాంటి పూత) పూసిన సిల్కు ఆరుతూ చట్రాన్ని గట్టిగా లాగుతుంది, కాబట్టి తోకలోని సన్న కర్రలకు మూలల్లో గసెట్లు, అంటే బలం కోసం అతికించే త్రికోణపు ముక్కలు, ముందే పెట్టుకోవాలి. గ్లాస్ క్లాత్ (రెసిన్‌తో అంటించే సన్నటి గాజు పీచు బట్ట) వెయ్యాలంటే రెక్క మొత్తం బాల్సా అనే తేలిక చెక్క పల్చటి పలకలతో, అంటే షీటింగ్‌తో, మూసి ఉండాలి. ఫిల్ము (ఇస్త్రీతో అంటించే ప్లాస్టిక్ పొర) వేసేట్టయితే షీటింగ్ అతుకుల్లో సయనో జిగురు (క్షణాల్లో పట్టేసే జిగురు) గట్టుకట్టకూడదు. శాండ్ పేపర్‌తో రుద్దేటప్పుడు చుట్టూ ఉన్న మెత్తటి బాల్సా అరిగిపోయి జిగురు గీత అలాగే నిలబడుతుంది, ఫిల్ము దాన్ని దాచదు సరికదా ఇంకా ఎత్తి చూపిస్తుంది. రిబ్బుకి (రెక్కకి ఆకారమిచ్చే అడ్డు ముక్కకి) జిగురు పెట్టకముందే కవరింగ్ ఏదో తేలిపోవాలి.

తేల్చుకోవడానికి మొదట చూడాల్సింది ధర కాదు, తేలికా కాదు. అసలు విమానం ఒంటి మీద ఏముందో చూడాలి. బట్ట కప్పిన విమానానికి బట్టలా కనిపించేదే, లోహపు విమానానికి లోహంలా కనిపించేదే వెయ్యాలి. రెండు కిట్లు పక్కపక్కన పెట్టుకుంటే ఇది బాగా తెలుస్తుంది: బట్ట కప్పిన విమానం పైపర్ జె-3 కబ్ ఆరో వంతు స్కేల్‌లో, లోహపు యుద్ధ విమానం పి-51డి మస్టాంగ్ ఏడో వంతు స్కేల్‌లో.

కబ్: ఫిల్మా, ఇస్త్రీ బట్టా?

జె-3 కబ్ 1938 నుంచి 1947 దాకా పెన్సిల్వేనియాలోని లాక్ హేవెన్‌లో తయారైంది. ఉక్కు గొట్టాల బాడీ, దాని మీద కాటన్ బట్ట, పైన డోప్, పసుపు రంగు, పక్కన నల్లటి మెరుపు గీత. రెక్కల పొడవు 10.74 మీటర్లు. ఆరో వంతులో అది 1.79 మీటర్లు అవుతుంది. రెక్క పైనా కిందా, బాడీ, తోక అన్నీ కలిపి కప్పాల్సింది దాదాపు 1.7 చదరపు మీటర్లు.

మామూలు ఇస్త్రీ ఫిల్ము చదరపు మీటరుకి 60 గ్రాముల దగ్గర తూగుతుంది. ఒరాటెక్స్ లాంటి ఇస్త్రీ బట్ట, అంటే ఇస్త్రీతో అంటించే బట్ట, 100 గ్రాముల దగ్గర ఉంటుంది. అంటే కబ్ మొత్తానికి ఫిల్ము 100 గ్రాములు, బట్ట 170 గ్రాములు. రెండున్నర, మూడు కిలోల విమానానికి 70 గ్రాముల తేడా పెద్ద లెక్క కాదు. చూసుకోవాల్సింది ఆ బరువు ఎక్కడ పడుతోందన్నదే. తోక, బాడీ వెనక భాగం కలిపి 0.4 చదరపు మీటరు అనుకుంటే అక్కడ 16 గ్రాములు పెరుగుతాయి. కబ్ ముక్కు పొట్టిది, తోక పొడుగు. తోకలో ఒక గ్రాము పెరిగితే తూకం నిలవడానికి ముక్కులో రెండు మూడు గ్రాములు పెట్టాలి. కరెంటు మోటారు పెట్టుకునేవాళ్ళు బ్యాటరీని కాస్త ముందుకి జరిపితే చాలు. చిన్న ఇంజన్ పెట్టేవాళ్ళు ముక్కులో 40, 50 గ్రాముల సీసం పెట్టడానికి సిద్ధపడాలి.

ఫిల్ము వైపు చెప్పాల్సిన మంచి చాలా ఉంది. రెండు మూడు సాయంత్రాల్లో పని అయిపోతుంది. వాసన లేదు, రంగు వెయ్యక్కర్లేదు, చినిగితే ఐదు నిమిషాల్లో అతుకు పడుతుంది. కింది వైపు ముందు, పై వైపు తర్వాత కప్పాలి. అంచుల్లో కనీసం 6 మి.మీ. ఒకదాని మీదొకటి ఎక్కాలి. రెండు రంగులు కలిసే చోట లేత రంగు కింద, ముదురు రంగు పైన ఉండాలి, లేకపోతే లేత రంగులోంచి కింది గీత కనిపిస్తుంది. ఇస్త్రీ వేడి విషయంలో ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. ఒరాకవర్ 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర అంటుకుని 150 దగ్గర బిగుసుకుంటుంది. మోనోకోట్ 135 దగ్గర అంటుకుని 175 దాకా వేడి అడుగుతుంది. ఒకదానికి అలవాటుపడ్డ చెయ్యి అదే వేడితో రెండోదాన్ని ముట్టుకుంటే చిల్లు పడొచ్చు, లేదా అసలు అంటుకోకపోవచ్చు. ఇస్త్రీ మీద అంకెల్ని నమ్మకుండా ముందు ఒక పనికిరాని బాల్సా ముక్క మీద వేసి చూడాలి.

ఫిల్ము బిగిసేటప్పుడే కబ్ రెక్క మంచి చెడ్డలు తేలతాయి. రిబ్బుల మధ్య ఖాళీ ఉన్న రెక్క కాబట్టి పై ఫిల్ము ఎక్కువ లాగితే రెక్క మెలి తిరుగుతుంది. రెండు వైపులా అంచులు పూర్తిగా అంటించాకే హీట్ గన్ ఎత్తాలి. పైన కొంత, కింద కొంత, మళ్ళీ పైన అన్నట్టు మార్చి మార్చి వేడి చెయ్యాలి. రెక్క కొసల దగ్గర వెనక అంచు రెండు డిగ్రీలు పైకి ఉండేలా చేత్తో కాస్త ఎక్కువే మెలిపెట్టి పట్టుకుని, మళ్ళీ వేడి తగిలించి, చల్లారేదాకా వదలకూడదు. ఈ వాషౌట్ లేని కబ్ దిగేటప్పుడు వేగం తగ్గితే ఒక రెక్క మీదికి ఒరిగిపోతుంది.

ఇన్ని మంచి గుణాలున్నా ఫిల్ము వేసిన కబ్‌ని దగ్గరికెళ్ళి చూస్తే ప్లాస్టిక్కే కనిపిస్తుంది. ఎండ పడితే రిబ్బులు నీడల్లా లోపల్నుంచి కనిపిస్తాయి. అసలు కబ్‌లో బట్ట మీద రంగు అలా కాంతిని దాటనివ్వదు. ఇస్త్రీ బట్టలో నేత కనిపిస్తుంది, మెరుపు అణిగి ఉంటుంది, రెక్క కొసల్లాంటి గుండ్రటి చోట్ల ఫిల్ము కంటే మెరుగ్గా సాగి ముడతలు లేకుండా కూర్చుంటుంది. ఒరాటెక్స్‌లో కబ్ పసుపు రంగు సిద్ధంగానే దొరుకుతుంది కాబట్టి పెయింట్ బరువు కూడా తప్పుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, రిబ్బు టేపులు (అసలు విమానంలో రిబ్బుల మీది కుట్లని కప్పే పట్టీలు) అదే బట్టతో కత్తిరించి ఇస్త్రీతో అంటించవచ్చు. అసలు టేపు వెడల్పు రెండు అంగుళాలైతే మోడల్‌లో ఎనిమిదిన్నర మి.మీ. ఇక్కడ ఒక జాగ్రత్త. టేపు అంచులు రంపపు పళ్ళలా ఉండాలని దర్జీల జిగ్‌జాగ్ కత్తెర వాడతారు. దాని పళ్ళు ఈ స్కేలుకి మరీ పెద్దవి. వాటికంటే తిన్నగా కోసిన టేపే నిజానికి దగ్గరగా ఉంటుంది. టేపు కిందకి ముందే పదిన్నర మి.మీ.కి ఒక చుక్క చొప్పున తెల్ల జిగురు పెట్టి ఆరనిస్తే రిబ్బు కుట్లు కూడా తేలతాయి.

బట్ట అడిగే ఓపిక వేరు. దాని జిగురు దుమ్ముని సహించదు. 320 నంబరు శాండ్ పేపర్‌తో రుద్దాక చట్రాన్ని వాక్యూమ్ చేసి, తడి లేని జిగట గుడ్డతో తుడవాలి. బ్లేడు ప్రతి రెండు కోతలకీ మార్చాలి, లేకపోతే అంచున దారాలు లేస్తాయి. ధర ఫిల్ము కంటే బాగా ఎక్కువ, మన దగ్గర తెప్పించుకోవడానికి రోజులు పడుతుంది. అయినా కబ్, టైగర్ మాత్ లాంటి బట్ట కప్పిన విమానానికి ఇదే వెయ్యాలి. మూడు నెలలు కూర్చుని రిబ్బులు కట్టినవాళ్ళు చివరి నాలుగు రోజుల్లో తొందరపడకూడదు. మొదటి కిట్టు కడుతూ, విమానం ఎగరడమే ప్రధానం అనుకునేవాళ్ళకి మాత్రం ఫిల్మే సరైనది. రెండో కబ్‌కి బట్ట వేసుకోవచ్చు.

సిల్కు, డోప్

ఇస్త్రీ కవరింగులు రాకముందు అందరూ వేసింది ఇదే. సన్నటి హబుటాయ్ సిల్కు ఐదు మొమ్మెలది (మొమ్మె సిల్కు బరువు కొలత) చదరపు మీటరుకి 22 గ్రాములే ఉంటుంది. తడిపి పరిచి, అంచుల్ని డోప్‌తో అంటిస్తే ఆరేసరికి తనే బిగుస్తుంది. ఆపైన పల్చటి డోప్ నాలుగైదు పూతలు వెయ్యాలి. మెలికకి తట్టుకునే గట్టిదనంలో ఫిల్ము దీనికి సాటిరాదు. రిబ్బుల మధ్య ఖాళీలున్న పల్చటి రెక్కకి ఆ గట్టిదనం చాలా అవసరం. షాపులో కొనేటప్పుడు ఒక దారం లాగి కాల్చి చూడాలి. వెంట్రుకలు కాలిన వాసన వచ్చి బూడిదైతే సిల్కు, కరిగి పూసలా గట్టిపడితే పాలిస్టర్.

డోప్‌లో రెండు రకాలు. నైట్రేట్ బాగా పట్టుకుంటుంది, కానీ మిథనాల్ ఇంధనానికి తట్టుకోదు. బ్యూటిరేట్ తట్టుకుంటుంది. నైట్రేట్ మీద బ్యూటిరేట్ వెయ్యొచ్చు, తిరగేసి వెయ్యకూడదు. నెలల తరబడి బిగుస్తూనే ఉండటం డోప్ గుణం. చివరి పూతల్లో కొద్ది చుక్కల ఆముదం కలిపితే ఆ లాగుడు తగ్గుతుంది. థిన్నర్ ఆవిరికి నిప్పు త్వరగా అంటుకుంటుంది, ఊపిరితిత్తులకీ మంచిది కాదు. గాలాడే చోట, మాస్కు పెట్టుకునే చెయ్యాలి.

డోప్‌కి అసలు శత్రువు తేమ. థిన్నర్ వేగంగా ఆవిరవుతూ పైపొరని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ దాని మీద చేరి పూత పాలిపోయి తెల్లబడుతుంది. విశాఖ, కాకినాడల్లో వానాకాలం మొత్తం ఇదే బాధ. ఆరడాన్ని నెమ్మది చేసే రిటార్డర్ కలిపినా పూర్తిగా పోదు. హైదరాబాదులో ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఇదే పని హాయిగా సాగుతుంది. కోస్తాలో ఉన్నవాళ్ళు ఎయిర్ కండిషనర్ గది లేకపోతే డోప్ జోలికి పోకుండా ఇస్త్రీ బట్టకే వెళ్ళడం మంచిది.

డోప్ పూసిన నూలు బట్టకీ గోదావరి జిల్లాకీ ఒక లంకె ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో డి హావిలాండ్ మస్కిటో విమానాన్ని ఎక్వెడార్ బాల్సాని బిర్చ్ ప్లైవుడ్ పొరల మధ్య పెట్టి కట్టారు. ఆ చెక్క మీద కప్పి డోప్ పూసిన నూలు బట్ట పేరు మాడపోలం. నరసాపురం పక్కన ఈస్టిండియా కంపెనీ బట్టల ఫ్యాక్టరీ నడిపిన మాధవాయిపాలెం నుంచి వచ్చిన పేరది. మస్కిటో కిట్టు కట్టే తెలుగువాళ్ళు ఈ సంగతి తెలిసి కడితే బాగుంటుంది.

మస్టాంగ్: ఫిల్మా, గ్లాస్ క్లాతా?

మస్టాంగ్ కిట్టులో రెక్కా బాడీ మొత్తం షీటింగే. దాని మీద ఫిల్ము వెయ్యడం తేలికనిపిస్తుంది గాని బుడగలు అక్కడే పుడతాయి. బాల్సా రంధ్రాల్లోని గాలీ తేమా వేడికి వ్యాకోచించి ఫిల్ముని పైకి లేపుతాయి. హీట్ గన్ తగిలిస్తే ఇంకా పెరుగుతాయి. ఇస్త్రీ వేడి తగ్గించి, మధ్య నుంచి అంచులకి నొక్కుతూ రావాలి. వెనకాలే పొడి నూలు గుడ్డతో చల్లారేదాకా అదిమి పట్టాలి. లేచిన బుడగని సూదితో ఒక్కసారి పొడిచి, ఆ చిల్లు వైపే గాలిని తోసుకురావాలి. ఇంత చేసినా మే నెల ఎండలో కారులో పెడితే కొన్ని మళ్ళీ లేస్తాయి. ఇక క్రోమ్ ఫిల్ము వేసిన మస్టాంగ్ అద్దంలా మెరుస్తుంది. వాడకంలో ఉన్న అల్యూమినియం రేకు అలా మెరవదు.

గ్లాస్ క్లాత్ పద్ధతిలో చదరపు మీటరుకి 25 గ్రాముల బట్ట వాడాలి. చిన్న మోడళ్ళకి 17 గ్రాములది చాలు. రుద్ది తుడిచిన షీటింగ్ మీద బట్టని పొడిగా పరిచి మెత్తటి బ్రష్‌తో సర్దాలి. నిదానంగా గట్టిపడే పల్చటి లామినేటింగ్ ఎపాక్సీ రెసిన్ కలిపి మధ్యలో పోసి, పాత ప్లాస్టిక్ కార్డుతో అంచులకి లాగాలి. ఐదు నిమిషాల ఎపాక్సీ ఇక్కడ పనికిరాదు, అది చిక్కన, చెక్కలోకి ఇంకకముందే బిగుసుకుపోతుంది. లాగాక ఉపరితలం మెరుస్తోందంటే రెసిన్ ఎక్కువైందని అర్థం. నేత గరుకుగా, మెరుపు లేకుండా కనిపించేదాకా గీకి తియ్యాలి. మిగిలినదాన్ని టాయిలెట్ పేపర్ చుట్టని మెల్లగా దొర్లించి పీల్చేయాలి. తేమ ఎక్కువున్న రోజు ఆరిన ఎపాక్సీ మీద జిడ్డులాంటి పొర తేలుతుంది. దాన్ని సబ్బు నీళ్ళతో కడగకుండా రుద్దితే శాండ్ పేపర్ మూసుకుపోతుంది, పైన వేసిన ప్రైమర్ (రంగుకి ముందు వేసే పూత) ఊడుతుంది. ఎపాక్సీ వద్దనుకుంటే నీటితో పల్చనయ్యే పాలియురేథేన్ వార్నిష్ ఐదారు పూతలు వెయ్యొచ్చు. మొదటి పూతకి చెక్క పీచు లేస్తుంది, రుద్దుకోవాలి. వాసన తక్కువ, గట్టిదనమూ తక్కువే.

గ్లాసింగ్‌లో బరువు రెసిన్ వల్ల కంటే ప్రైమర్ వల్లే పెరుగుతుంది. ప్రైమర్ పల్లాల్ని నింపడానికే. వేసినదాంట్లో ఎక్కువ భాగం రుద్దడంలో పోవాలి, అక్కడక్కడా కింది గ్లాస్ కనిపించాలి. తోక మీద ఇంకా పొదుపుగా వెయ్యాలి. నెల రోజుల పని అయినా మస్టాంగ్‌కి ఇదే తగినది. చిన్న దెబ్బలకి తట్టుకుంటుంది, ఇంధనం లోపలికి ఇంకదు, బాడీ మీద ప్యానెల్ గీతలు (రేకుల అతుకు గీతలు) గీసుకోవచ్చు. రెక్క మీద మాత్రం గీతలూ రివెట్లూ నింపేయకండి. ఫ్యాక్టరీలోనే రెక్క ముందు భాగం అతుకుల్లో పుట్టీ నింపి, నున్న చేసి వెండి రంగు వేసేవారు. రెక్క నున్నగానూ, బాడీ వట్టి లోహంలానూ ఉన్న మస్టాంగే నిజానికి దగ్గర. తోక మీద నిలువుగా ఉండి అటూ ఇటూ తిరిగే రడ్డర్‌కి అసలు విమానంలో బట్టే కాబట్టి మోడల్ రడ్డర్‌కీ ఇస్త్రీ బట్ట వెయ్యాలి.

రెండూ ఉన్న విమానం

హాకర్ హరికేన్‌లో ముందు భాగం లోహం, బాడీ వెనక సగం బట్ట. మన వైమానిక దళం బర్మా యుద్ధంలో నడిపిన ఈ విమానానికి ఒకే కవరింగ్ సరిపోదు. ముందు షీటింగ్ భాగానికి గ్లాస్ వేసి రుద్దుకోవాలి. ప్రైమర్‌ని అతుకు గీతకి 8 మి.మీ. ఇవతలే ఆపాలి. ఆ 8 మి.మీ. గ్లాస్ మీదికి బట్ట అంచు ఎక్కాలి. ప్రైమర్ మీదికి ఎక్కిస్తే ఇస్త్రీ వేడికి ప్రైమర్ మెత్తబడి అంచు ఊడుతుంది. ఎపాక్సీ కూడా వేడికి కొంత మెత్తబడేదే కనుక ఆ అంచు దగ్గర అంటుకునేంత వేడే వాడి, బట్టని బిగించే పెద్ద వేడిని ఆ అంచు నుంచి కాస్త దూరం జరిగాకే మొదలుపెట్టాలి. రంగు మాత్రం రెండు భాగాలకీ ఒకే రోజు, ఒకే డబ్బాలోంచి వెయ్యాలి.