స్పార్క్లింగ్ వైన్ లేయర్ కేకు: నల్లగొండ ఎండలోనూ చలిలోనూ చేసి చూశాక

స్పార్క్లింగ్ వైన్‌తో, అంటే బుడగలు లేచే వైన్‌తో చేసే లేయర్ కేకు గురించి ముందుగా తేల్చి చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. ఆ వైను రుచి ఓవెన్‌లోకి వెళ్లే పిండిలో మిగలదు. వేడి తగలని చోట, అంటే కేకు మీద చల్లే పాకంలోనూ మధ్యలో పూసే కస్టర్డులోనూ వేసిన వైనే నాలుకకు తెలుస్తుంది. నల్లగొండలో ఇంటి నుంచే కేకులు చేసి ఇచ్చే నేను క్రిస్మస్‌కూ, కొత్త సంవత్సరానికీ, పాతికేళ్ల పెళ్లిరోజులకూ ఈ కేకును ఏళ్లుగా చేస్తున్నాను. ఖర్చుకూ శ్రమకూ తగిన కేకే ఇది. కాకపోతే వంటల పుస్తకాల్లో రాసినట్టు చేస్తే మాత్రం కాదు.

అమెరికాలో, ముఖ్యంగా కాలిఫోర్నియాలో, గులాబీ రంగు షాంపేన్ కేకు బాగా ప్రసిద్ధం. అక్కడి పాత కొలత దాదాపు ఇలా ఉంటుంది: మైదా రెండు ముప్పావు కప్పులు, వెన్న 150 గ్రాములు, చక్కెర 300 గ్రాములు, బేకింగ్ పౌడర్ మూడు చెంచాలు, ఆరు గుడ్ల తెల్లసొన, ముప్పావు కప్పు వైను. ఈ కొలతతో కేకు తెల్లగా, చూడముచ్చటగా వస్తుంది. తింటే మాత్రం పొడిపొడిగా ఉంటుంది. పచ్చసొన లేదు కాబట్టి అందులోని కొవ్వు లేదు, పాలూ పెరుగూ లేవు, పోసిన వైనులో ఎక్కువ భాగం నీరే. అందుకే ఇప్పుడు నేను పిండిలో వైను సగానికి తగ్గించాను. 90 మిల్లీలీటర్ల వైను, 90 గ్రాముల కమ్మటి పెరుగు, పావు చెంచా వంట సోడా వేస్తాను. మైదాలో 30 గ్రాములు తీసేసి అంత కార్న్‌ఫ్లోర్ కలుపుతాను. మిగతావి పాత కొలతే. ఏడు అంగుళాల టిన్నులు మూడింట్లో పోసి 170 డిగ్రీల వేడిలో కాలిస్తే అరగంట లోపే అవుతుంది. పెరుగు వల్ల వచ్చిన మెత్తదనం మర్నాటికి కూడా తగ్గదు.

వైనులోని బుడగలు కేకును పొంగిస్తాయని చాలామంది నమ్ముతారు. పిండిలో పోసి రెండు తిప్పులు తిప్పేసరికే ఆ గ్యాసు చాలావరకు పోతుంది. కేకు పొంగేది బేకింగ్ పౌడర్‌తో, వెన్నా చక్కెరా గిలకొట్టినప్పుడు చేరిన గాలితో, నురుగు కట్టిన తెల్లసొనతో. పైగా ఆ బుడగలు కొలతను కూడా చెడగొడతాయి. సీసా తీయగానే కప్పులో పోస్తే సగం నురుగే ఉంటుంది, అది అణిగాక చూస్తే కప్పు సగానికి పడిపోతుంది. నేను కావలసిన వైనును వెడల్పాటి గిన్నెలో పోసి, గ్యాసు పోయేదాకా గరిటెతో తిప్పి, త్రాసు మీద తూస్తాను. తీపి తక్కువగా ఉండే బ్రూట్ రకం వైను బరువు దాదాపు నీటి బరువే కాబట్టి 90 మిల్లీలీటర్లకు 90 గ్రాములు అనుకుంటే సరిపోతుంది.

ఏ వైను కొనాలన్నది ఎక్కువమంది అడిగే ప్రశ్న. అసలు షాంపేన్ ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతం నుంచి వస్తుంది, మన దగ్గర సీసా కొన్ని వేల రూపాయలు పలుకుతుంది. అందులో రెండోసారి పులియడం సీసాలోనే జరుగుతుంది. ఆ తర్వాత ఈస్టు మడ్డి మీద నెలల తరబడి ఉంచడం వల్ల అప్పుడే కాల్చిన బ్రెడ్డు లాంటి సున్నితమైన వాసన పడుతుంది. వెన్న, వెనిల్లా, చక్కెర కలిసిన కేకులో ఆ వాసన ఆనవాలు కూడా దొరకదు. కాబట్టి దాన్ని కేకులో పోయడం డబ్బు దండగ, గ్లాసులో తాగాల్సిందే. నాసిక్ నుంచి వచ్చే సులా బ్రూట్, షాండన్ బ్రూట్ ఈ కేకుకు చక్కగా సరిపోతాయి. బ్రూట్ అంటే లీటరుకు 12 గ్రాముల లోపు చక్కెర ఉన్న రకం. సీసా మీద ఎక్‌స్ట్రా డ్రై అని ఉంటే తీపి ఇంకా తక్కువ అనుకుంటారు గానీ, అందులో చక్కెర బ్రూట్ కంటే ఎక్కువే, లీటరుకు 12 నుంచి 17 గ్రాములు. కేకులో తీపి ఎలాగూ ఉంది. వైను నుంచి మనకు కావలసింది పులుపు, అందుకే నా ఓటు బ్రూట్‌కే. ఇటలీ మస్కట్ ద్రాక్షతో చేసే ఆస్తి (Asti) అనే రకం వైను దొరికితే మాత్రం వదలవద్దు. అది తియ్యగా ఉన్నా, దాని పూల వాసన పాకంలో స్పష్టంగా నిలుస్తుంది. మా ఊళ్లోని వైన్స్ షాపుల్లో విస్కీ, బీరు దొరికినంత సులువుగా ఇవి దొరకవు. హైదరాబాద్ వెళ్లే ఎవరికైనా చెప్పి తెప్పించుకుంటాను.

అలా తెప్పించిన సీసాను బస్సు దిగగానే తెరవకూడదు. లోపలి పీడనం ఐదారు అట్మాస్ఫియర్ల దాకా ఉంటుంది, అంటే కారు టైరులో ఉండే దానికి రెట్టింపుకు పైనే. వెచ్చబడితే ఇంకా పెరుగుతుంది. కనీసం నాలుగు గంటలు ఫ్రిజ్‌లో నిలబెట్టి ఉంచుతాను. తెరిచేటప్పుడు మూత మీది తీగను వదులు చేసిన క్షణం నుంచి బొటనవేలు కార్కు మీద నుంచి తీయను. కార్కును గట్టిగా పట్టుకుని సీసాను మెల్లగా తిప్పితే చిన్న నిట్టూర్పు లాంటి శబ్దంతో ఊడి వస్తుంది. సినిమాల్లో పేల్చినట్టు పేలిస్తే పావు సీసా నేలపాలవుతుంది, ఎవరి కంటికైనా తగిలితే అంతకంటే ప్రమాదం.

ఇక ఈ కేకు ప్రాణం గురించి. 80 గ్రాముల చక్కెరను 60 మిల్లీలీటర్ల నీళ్లలో ఒక్క పొంగు రానిచ్చి దించి, పూర్తిగా చల్లారనివ్వాలి. గిన్నె అడుగు చేతికి వెచ్చగా కూడా తగలకూడదు. అప్పుడు అందులో 120 మిల్లీలీటర్ల వైను కలపాలి. ఒక్కో పొర మీద నాలుగైదు పెద్ద చెంచాలు, అంచుల నుంచి మధ్యలోకి చల్లుకుంటూ రావాలి, ఎందుకంటే ముందుగా ఎండేది అంచే. పాకం వేడిగా ఉండగా వైను పోస్తే పైకి లేచే ఆవిరితోనే సగం వాసన పోతుంది. వంటింట్లో ఘుమఘుమలాడితే అది కేకులో తగ్గినట్టే లెక్క.

కస్టర్డు సంగతి ఇంకొంచెం జాగ్రత్తగా చూడాలి. స్పాంజి కోసం తెల్లసొన వాడాక మిగిలిన ఆరు పచ్చసొనలు ఇక్కడ పనికొస్తాయి. వాటిలో 80 గ్రాముల చక్కెర, 20 గ్రాముల కార్న్‌ఫ్లోర్, 220 మిల్లీలీటర్ల వైను వేసి, ఉండలు లేకుండా కలిపి సన్నని మంట మీద తిప్పుతూ ఉండాలి. చిక్కబడగానే దించేయాలనిపిస్తుంది, అప్పుడే దించకూడదు. బుడగలు తుకతుకమంటూ పైకి వచ్చాక ఒక నిమిషం ఉడకాలి. పచ్చసొనలో పిండి పదార్థాన్ని విరగ్గొట్టే అమైలేజ్ అనే ఎంజైము ఉంటుంది. అది ఆ వేడికి చచ్చిపోకపోతే, రాత్రి గట్టిగా ఉన్న కస్టర్డు తెల్లారేసరికి నీళ్లలా జారుతుంది. అలాగని అయిదు నిమిషాలు మరిగించినా పల్చబడుతుంది, వైను పులుపు కార్న్‌ఫ్లోర్ పట్టును సడలిస్తుంది. దించాక 40 గ్రాముల వెన్న కలిపి, చల్లారాక రెండు పెద్ద చెంచాల వేడి చేయని వైను కలుపుతాను. ఆ రెండు చెంచాలు లేకపోతే అది మామూలు గుడ్డు కస్టర్డే. స్టీలు గిన్నె తప్పనిసరి. అల్యూమినియం గిన్నెలో వైను పులుపుకు లోహపు రుచి దిగుతుంది, లేత పసుపు రంగు కూడా మసకబారుతుంది.

పైన పూసే బటర్‌క్రీమ్‌కు మరో నాలుగు తెల్లసొనలు కావాలి. వాటిని చక్కెరతో కలిపి, మరుగుతున్న నీళ్ల గిన్నె మీద పెట్టి, తిప్పుతూ 71 డిగ్రీల దాకా వేడి చేసి గిలకొట్టాలి. గిన్నె చల్లబడ్డాక మెత్తబడిన వెన్న కొంచెం కొంచెంగా చేర్చాలి. క్రీమ్‌లో వైను నేరుగా పోస్తే విరుగుతుంది. 200 మిల్లీలీటర్ల వైనును మూడు చెంచాలకు వచ్చేదాకా మరిగించి, చల్లార్చి, చుక్క చుక్కగా కలుపుతాను. మరిగితే వాసన తగ్గుతుంది కానీ పులుపు చిక్కబడుతుంది. వెన్న జిడ్డును విరిచేది ఆ పులుపే.

ఈ కేకుకు నేను తక్కువ మార్కులు వేసేది ఈ క్రీమ్ దగ్గరే. వెన్న 35 డిగ్రీల లోపే కరుగుతుంది. మా నల్లగొండలో ఏప్రిల్, మే నెలల్లో ఎండ కొన్ని రోజులు 45 డిగ్రీల దాకా కూడా వెళ్తుంది, నీడన ఉన్న వంటింట్లో కూడా క్రీమ్ నిలబడదు. ఏసీ గదిలో పూసి ఫ్రిజ్‌లో పెట్టి ఇచ్చినా, వేడుక జరిగే హాల్లో కరెంటు పోతే పావుగంటలో కేకు పక్కల పూసిన క్రీమ్ జారుతుంది. బజారులో దొరికే విప్పింగ్ క్రీమ్ ఎండకు కొంత ఆగుతుంది. కానీ నోట్లో ఆ వనస్పతి పూత వైను రుచిని పూర్తిగా కప్పేస్తుంది, అంత ఖరీదు పెట్టి చేసిన కేకుకు అది అన్యాయం. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మాత్రం ఈ కేకుకు ఏ లోటూ లేదు. డిసెంబరు చలిలో మిర్యాలగూడ దాకా కారులో వెళ్లిన కేకు అంచు చెదరకుండా చేరింది. దూరం పంపేటప్పుడు ఒక చిన్న జాగ్రత్త తీసుకుంటాను. ప్రతి పొర చుట్టూ ముందు బటర్‌క్రీమ్‌తో గట్టు కట్టి, దాని లోపల కస్టర్డు నింపుతాను. గట్టు లేకపోతే గుంతల రోడ్డు మీద పై పొర పక్కకు జారుతుంది.

ఓవెన్‌లో పెడితే ఆల్కహాల్ అంతా ఆవిరైపోతుందనే మాట చాలాచోట్ల వింటాం. అది నిజం కాదు. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల ప్రకారం పిండిలో కలిపిన ఆల్కహాల్ అరగంట కాలాక కూడా 35 శాతం దాకా మిగులుతుంది, గంట కాలాక పాతిక శాతం. నా పద్ధతిలో పాకంలోని వైను అసలు వేడే చూడదు. అందుకే కేకు ఇచ్చేటప్పుడు పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాస్తాను, నోటితో కూడా చెబుతాను. "అక్కా, కొంచెమే కదా, పిల్లలు తినొచ్చా?" అని అడుగుతారు. తినకూడదనే చెబుతాను. గర్భిణులకు, మందులు వాడుతున్న పెద్దలకు, మద్యం ముట్టని వారికి తెలియకుండా పెట్టడం తప్పు. మా వీధిలో ముస్లిం కుటుంబాలున్నాయి, పండుగలకు ఒకరి ఇంటి పిండివంటలు ఒకరికి వెళ్తాయి. నమ్మి తినే వారి నమ్మకం కేకు కంటే పెద్దది. ఊళ్లో క్రైస్తవులూ ఉన్నారు, 1976లోనే ఇక్కడ కథోలిక మేత్రాసనం, అంటే బిషప్ కేంద్రం ఏర్పడింది. క్రిస్మస్‌కు ఈ కేకు అడిగేవారిలో కూడా సగం మంది వైను లేనిదే కావాలంటారు.

గుడ్డు లేకుండా కూడా ప్రయత్నించవచ్చు. స్పాంజి పరవాలేదు కానీ కస్టర్డు పోతుంది, కస్టర్డు పోతే సగం కేకు పోయినట్టే. నేను సిఫారసు చేయను.

వైను లేకుండా చేసేదానికి నేను బత్తాయినే వాడుతున్నాను. మా జిల్లా బత్తాయికి పెట్టింది పేరు, కొత్త కాయ దిగినప్పుడు రసంలో తీపికి తగ్గ పులుపు ఉంటుంది. రసం పిండిన వెంటనే వాడాలి, నిలవ ఉంటే చేదెక్కుతుంది. గింజ నలగకుండా, లోపలి తెల్లటి పొర రసంలోకి దిగకుండా చూసుకోవాలి, చేదు మూలం వాటిలోనే ఉంది. పచ్చటి తొక్క పైపైన మాత్రం తురిమి చక్కెరలో నలిపితే వచ్చే సువాసన పిండిలో బాగా నిలుస్తుంది. పాకంలో వైనుకు బదులు బత్తాయి రసం, రెండు చెంచాల నిమ్మరసం. కస్టర్డులో కూడా అదే, చివరి రెండు చెంచాలు అప్పుడే పిండినవి. పిల్లలున్న ఇళ్లలో దీనికే రెండోసారి చెయ్యి చాస్తారు, నాకు కూడా కొన్నిసార్లు వైను కేకు కంటే ఇదే నచ్చుతుంది.

వైను కేకును ముందు రోజే చేసి పెట్టుకోవడం మంచిది. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంటే పాకం అన్ని పొరలకూ సమంగా పడుతుంది. చలికాలంలో తినడానికి ముప్పావు గంట ముందు బయట పెట్టాలి, చల్లటి వెన్న నాలుకకు మైనంలా తగులుతుంది. కస్టర్డు ఉంది కాబట్టి మూడో రోజు దాటించకూడదు. ఒక సీసాతో ఒక కేకు పూర్తిగా అవుతుంది, చివర్లో చిన్న గ్లాసుడు వైను మిగులుతుంది. జనవరిలో పెళ్లిరోజు ఉన్నవారికి ఇంతకంటే మంచి కేకు నేను చేయలేను. మే నెలలో అడిగిన వారికి మాత్రం దీన్ని ఒప్పుకోవడం మానేశాను. వేసవిలో దిగే కత్తెర కాపు బత్తాయిలు దొరికితే వాటితో, క్రీమ్ పూయకుండా, పాకం పట్టిన ఒంటి పొర కేకు చేసి ఇస్తున్నాను.