ఎస్‌ప్రెస్సో మెషీన్ మొరాయిస్తే: బాగు చేయించడం మేలా, కొత్తది కొనడం మేలా?

మా విజయనగరంలో మిక్సీ పాడైతే గంటస్తంభం వైపు తీసుకువెళ్లి పూట గడవకముందే బాగు చేయించుకుని రావచ్చు గానీ, ఎస్‌ప్రెస్సో మెషీన్ విషయంలో ఆ భరోసా లేదు. ఆరేళ్లుగా వాడుతున్న మా మెషీన్ ఈ వేసవిలో కాఫీని ధారగా కాక చుక్కలుగా వదలడం మొదలుపెట్టింది. దాన్ని విశాఖపట్నంలోని సర్వీసు సెంటరుకు మోసుకెళ్లాలా, ఆ రానుపోను ఖర్చును కూడా కలుపుకుని కొత్తదే కొనాలా అన్న చర్చ మా ఇంట్లో రెండు వారాలు నడిచింది. ఇత్తడి ఫిల్టరు ఉండగా ఈ గోలంతా దేనికని మా శ్రీమతి మూడో మార్గం కూడా సూచించారు. దానికి నా దగ్గర సరైన జవాబు లేదు.

మెషీన్ వయసును బట్టి తేల్చేయడం సరికాదని నా అభిప్రాయం. ఫోనులో మాట్లాడిన సర్వీసు సెంటరు వారు లోపమేమిటో అడగకుండానే “ఆరేళ్లు దాటింది కదండీ, కొత్తది తీసుకోండి” అన్నారు. పైకి ఎంత హంగుగా కనిపించినా దాని లోపల ఉండేవి నీళ్లను తోసే పంపు, వాటిని 90 నుంచి 96 డిగ్రీల వరకు వేడిచేసే బాయిలరు, ఆ వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్, ఒకటో రెండో వాల్వులు, కొన్ని గొట్టాలు, రబ్బరు రింగులు. వీటిలో పోయింది ఏదన్నదాన్ని బట్టి లెక్క మొత్తం మారిపోతుంది.

పోర్టాఫిల్టర్ (కాఫీ పొడి నింపిన చిల్లుల బుట్టను పట్టుకుని మెషీన్‌కు బిగించే పిడి) అంచు చుట్టూ కాఫీ కారుతుంటే చాలాసార్లు కారణం గాస్కెట్ అనే రబ్బరు రింగు. వేడికి ఆ రబ్బరు గోరు కూడా దిగనంతగా గట్టిపడిపోతుంది. దానికోసం మెషీన్ మార్చడమంటే వాషరు పోయిందని కుక్కరే మార్చినట్టు. ధార సన్నబడితే ముందుగా అనుమానించవలసినది నీటిని. బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కట్టినట్టే మెషీన్‌లోని సన్నటి దారులలోనూ కడుతుంది. నేను స్క్రూ విప్పి నీళ్లు దిగే జల్లెడ బిళ్లను బయటికి తీసి చూస్తే, సగం రంధ్రాలు పాత కాఫీ జిడ్డుతో నల్లగా మూసుకుపోయి ఉన్నాయి. దాని వెనుక వేలితో రాస్తే ముగ్గుపిండిలాంటి పొడి రాలింది. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పును (సిట్రిక్ యాసిడ్) లీటరు నీటికి ఇరవై గ్రాముల చొప్పున కలిపి, కొద్దికొద్దిగా లోపలికి పంపి, తరువాత రెండు మూడు ట్యాంకుల మంచినీటితో కడిగాను. లోపలి భాగాలు అల్యూమినియంవి అయితే ఆ ద్రావణాన్ని రాత్రంతా వదిలేయకూడదు.

ఆ తరువాత కూడా మోత ఎక్కువగా, నీరు తక్కువగా వస్తుంటే పంపును చూడాలి. ఇంటి మెషీన్లలో ఎక్కువగా ఉండేది కంపనంతో పనిచేసే చిన్న పంపు. వేర్వేరు బ్రాండ్ల మెషీన్లు విప్పి చూసినా లోపల తరచుగా ఇటలీకి చెందిన ఉల్కా పంపే కనిపిస్తుంది (పేరు మన ఉల్కే గానీ, రాలిపోయేదాకా చాలా కాలం పనిచేస్తుంది). ఆ పంపు మీద ఉన్న మోడలు, 230 వోల్టులు, 50 హెర్ట్జ్ అన్న అంకెలు సరిచూసుకుని తెప్పిస్తే, విద్యుత్ పని బాగా తెలిసినవారు గంటలో మార్చగలరు.

కొత్తదాని వైపు మొగ్గవలసిన సందర్భం వేడిచేసే భాగం దగ్గర వస్తుంది. చవక మెషీన్లలో బాయిలరుకు బదులు నీటిని వేడిచేసే థర్మోబ్లాక్‌లో హీటరు తీగ సాధారణంగా అల్యూమినియం దిమ్మలోనే పోతపోసి ఉంటుంది కాబట్టి, తీగ ఒక్కటి పోయినా దిమ్మ మొత్తం మార్చాలి. స్విచ్ వేయగానే ఇంట్లో కరెంటు ట్రిప్ అవుతుంటే ముందుగా ఈ హీటరునే అనుమానించాలి. దాంతోపాటు కంట్రోల్ బోర్డు కూడా పోతే, రెండింటికీ పెట్టే డబ్బు కొత్త మెషీన్ ధరలో సగం దాటిపోవచ్చు. అసలు వేడెక్కకపోవడానికి కారణం థర్మల్ ఫ్యూజు మాత్రమే అయితే అది చిన్న ఖర్చు. అయితే ఆ ఫ్యూజు దొరకలేదని రెండు వైర్లను కలిపి మెలిపెట్టి ఇచ్చే మెకానిక్‌కు మెషీన్ అప్పగించకూడదు; థర్మోస్టాట్ పనిచేయని రోజున మంట అంటుకోకుండా ఆపేది ఆ ఫ్యూజే.

కొత్తది కొనడమే అయితే, మళ్లీ బాగు చేయించడానికి వీలుండే మెషీన్ కొనాలి. 1961లో ఫేమా కంపెనీ తెచ్చిన ‘ఈ61’ (E61) మెషీన్‌లో పోర్టాఫిల్టర్‌ను బిగించే భాగం నమూనాను ఎన్నో కంపెనీలు అనుసరించడం వల్ల దాని గాస్కెట్లు నేటికీ దొరుకుతున్నాయి. అదే విధంగా 58 మిల్లీమీటర్ల పోర్టాఫిల్టర్ ఉన్న మెషీన్‌కు ఏ కంపెనీ బుట్టయినా చాలావరకు సరిపోతుంది. కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో ప్రారంభించిన, కంపెనీల మరమ్మతు, విడిభాగాల వివరాలు ఒకచోట ఉంచే రైట్ టు రిపేర్ పోర్టల్‌లో ఆ బ్రాండు ఉందో లేదో కొనే ముందే చూసుకోవడం మంచిది. అమెరికాలో ఉన్న పిల్లలు పంపుతామంటే మాత్రం వద్దనే చెబుతాను. అక్కడి 120 వోల్టుల మెషీన్‌ను నేరుగా మన ప్లగ్గులో పెడితే కాలిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పెడదామంటే అది వంటగట్టు మీద మెషీన్‌కు పోటీగా చోటు అడుగుతుంది.

నిమ్మ ఉప్పుతో మా మెషీన్ ధార సగం కోలుకుంది. గాస్కెట్, పంపు మార్చాక పూర్తిగా దారికి వచ్చింది. అయిన ఖర్చు కొత్తదాని ధరలో ఆరో వంతు కూడా లేదు. మిగిలిన డబ్బులో కొంత పెట్టి ఒక మంచి గ్రైండరు కొన్నాను. అరకు గింజలను అప్పటికప్పుడు మరపట్టి వేస్తే, ఆ పాత మెషీన్ నుంచే చిక్కటి నురగతో కాఫీ దిగుతోంది. దాని థర్మోబ్లాక్ పోయిన రోజున మాత్రం విశాఖ దాకా మోయను, 58 మిల్లీమీటర్ల కొత్త మెషీన్ కొంటాను.