పర్లాకిమిడిలో కొత్త కంప్యూటర్ అని చెప్పి వాడేసిన డిస్క్ అంటగట్టారు, జాగ్రత్త

షాపు పేరు రాయను. పర్లాకిమిడి వాళ్లకీ, పాతపట్నం నుంచి వచ్చి కొనుక్కెళ్లేవాళ్లకీ చెప్పకుండానే తెలుస్తుంది. ఐ5 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ (బాగా వేగంగా పనిచేసే రకం డిస్క్), ఒరిజినల్ విండోస్ 11, అన్నీ కలిపి 52 వేలు. షాపాయన మొత్తం ముందే కట్టించుకున్నాడు.

నాకెలా కావాలో కాగితం మీద రాసిచ్చాను. విండోస్‌కి సి డ్రైవ్, ఫొటోలకీ స్కూలు కాగితాలకీ డి డ్రైవ్. ఆన్ చేయగానే వాటంతటవే తెరుచుకునే ప్రోగ్రాములు వద్దు. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు (మన భాషలకి ప్రామాణికంగా పెట్టిన అక్షరాల అమరిక) తప్పనిసరి, నాన్నగారు రోజూ రాసుకుంటారు. ఇంటికి తెచ్చి చూస్తే ఒక్కటీ చేయలేదు. తెలుగు సంగతి ఫోన్లో అడిగితే "ఇందులో తెలుగు రాదు మేస్టారూ, వేరే సాఫ్ట్‌వేర్ కొనాలి, రెండు వేలవుతుంది" అన్నాడు. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఈ మాట! 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ నుంచే విండోస్‌లో తెలుగు ఉంది. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్‌కి వెళ్లి తెలుగు యాడ్ చేస్తే కీబోర్డు వచ్చేస్తుంది, పైసా ఖర్చు లేదు. నేనే పెట్టుకున్నాను.

అంతటితో అయితే ఊరుకునేవాణ్ని. అనుమానం వచ్చి, డిస్క్ వివరాలు చూపించే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ప్రోగ్రాము వేసి చూస్తే, పవర్ ఆన్ అవర్స్ (డిస్క్ ఇప్పటిదాకా నడిచిన గంటలు) దగ్గర 8,412 అని ఉంది. రాత్రీ పగలూ ఆపకుండా దాదాపు ఏడాది నడిచిన డిస్క్ అది! పైగా టాస్క్ మేనేజర్‌లో ఎన్‌వీఎంఈ కాదు, అంతకంటే నెమ్మదైన సాటా అని చూపిస్తోంది. విండోస్ కూడా దొంగదే. 180 రోజులకి గడువు తీరే కేఎంఎస్ యాక్టివేషన్, అంటే పెద్ద సంస్థల కోసం పెట్టిన పద్ధతిని దొంగతనంగా వాడటం. అది నడవడానికి ఒక ఫోల్డర్‌లో వైరస్‌ల కోసం వెతకకుండా విండోస్ సెక్యూరిటీలో మినహాయింపు పెట్టేశాడు. ఆ కంప్యూటర్లోనే నాన్నగారి పెన్షన్ ఖాతా చూద్దామనుకున్నాం.

షాపుకెళ్లి ఫోన్లో ఫొటోలు చూపించాను. కన్నెత్తి చూడలేదు. పక్కాయనకి మౌస్ ప్యాకెట్ విప్పి చూపిస్తూనే, "ఆన్ అవుతోందా లేదా? ఈ గంటలూ గింటలూ మీకెందుకు, మీది టైపింగ్ పనే కదా" అన్నాడు. బిల్లు ముందు పెట్టాను. అందులో 'కంప్యూటర్ సెట్ 1' అని ఒక్క లైను. దాని మీద వేలు పెట్టి, "ఎన్‌వీఎంఈ అని ఎక్కడుందో చూపించండి" అని నవ్వాడు. షాపులో ఉన్న కుర్రాళ్లూ నవ్వారు. డబ్బు కట్టిన రోజు కుర్చీ తుడిచి కూర్చోబెట్టి టీ తెప్పించిన మనిషే! డబ్బు కంటే ఆ నవ్వే నన్ను మండిస్తోంది.

అయితే కొటేషన్ వాట్సాప్‌లో అతనే పంపాడు, ఎన్‌వీఎంఈ అనీ, ఒరిజినల్ విండోస్ అనీ అందులో ఉంది. అది పెట్టుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను.

కొనేవాళ్లు బిల్లులో ప్రతి పార్టు పేరు, సీరియల్ నంబరు రాయించుకోండి. షాపులోనే విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి ఎస్‌ఎల్‌ఎంజీఆర్, ఒక ఖాళీ, స్లాష్ ఎక్స్‌పీఆర్ (slmgr /xpr) కొట్టించండి. గడువు తేదీ కనిపిస్తే తీసుకోవద్దు. డిస్క్ గంటలు చూశాకే డబ్బివ్వండి.