యూఎస్‌బీమాన్: ఆరేళ్ల వాడకం తర్వాత

లినక్స్‌లో ఒక ప్రోగ్రాముకూ యూఎస్‌బీ పరికరానికీ మధ్య సంభాషణ తెగిపోయినప్పుడు, లోపం ఎటువైపు ఉందో తేల్చుకోవడమే అన్నిటికంటే కష్టమైన పని. ప్రోగ్రాము రాసినవారు పరికరాన్ని అనుమానిస్తారు, పరికరం తయారుచేసినవారు లినక్స్ మూలభాగమైన కెర్నెల్‌ను అనుమానిస్తారు, కెర్నెల్ తెలిసినవారు ముందు కేబులు మార్చి చూడమంటారు. ఆరేళ్లుగా కొలత పరికరాలతోనూ సీరియల్ కన్వర్టర్లతోనూ పనిచేస్తున్న నాకు ఈ విషయంలో అన్నిటికంటే ఎక్కువగా ఉపయోగపడినది యూఎస్‌బీ బదిలీలను నమోదు చేసే యూఎస్‌బీమాన్ అనే కెర్నెల్ మాడ్యూలు (అవసరమైనప్పుడు కెర్నెల్‌కు జోడించే భాగం). ఇది 2005లో వచ్చిన 2.6.11 నుంచీ లినక్స్ కెర్నెల్‌లోనే ఉంది. దాన్ని లోడ్ చేసి, ఆ నమోదులను చూపే వైర్‌షార్క్ ప్రోగ్రామును తెరిచి, పరికరం ఉన్న బస్సు (కంప్యూటరులోని యూఎస్‌బీ మార్గం) సంఖ్యను ఎంచుకుంటే చాలు, ఆ బస్సు మీద జరిగే బదిలీలన్నీ మైక్రోసెకన్ల కాలసూచికతో కళ్లముందు కనిపిస్తాయి.

ప్రోగ్రాము కోరిన ప్రతి బదిలీ కెర్నెల్‌లో యూఆర్‌బీ అనే అభ్యర్థనగా మారి, కంప్యూటరులో యూఎస్‌బీని నడిపే హోస్ట్ కంట్రోలర్‌కు చేరుతుంది. యూఎస్‌బీమాన్ ఆ అభ్యర్థన బయలుదేరినప్పుడు ఒక వరుసను, ముగిసి తిరిగి వచ్చినప్పుడు మరొక వరుసను నమోదు చేస్తుంది. బయలుదేరిన వరుసలో స్థితి -115 అని ఉంటుంది. అంటే పని ఇంకా జరుగుతోందని అర్థం, దాన్ని చూసి కంగారుపడనవసరం లేదు. అసలు చదవవలసినది తిరిగి వచ్చిన వరుసలోని స్థితిని. అక్కడ 0 ఉంటే బదిలీ సక్రమంగా జరిగింది. -71 ఉంటే తీగ మీద ప్రోటోకాల్ స్థాయిలోనే ఏదో చెడింది కనుక కేబులునూ హబ్బునూ విద్యుత్ సరఫరానూ చూడాలి. -32 ఉంటే పరికరం ఆ అభ్యర్థనను స్టాల్ చేసింది, అంటే నిరాకరించింది. పరికరానికి ఆదేశాలు పంపే కంట్రోల్ బదిలీల్లో ఇది చాలాసార్లు 'ఈ ఆదేశం నాకు తెలియదు' అని పరికరం చెప్పే మామూలు జవాబు మాత్రమే.

నన్ను చాలాకాలం తికమకపెట్టినది -2. ప్రోగ్రామేమో సమయం మించిపోయిందని చెప్పేది, కెర్నెల్ సందేశాల్లో -110 కనిపించేది, కానీ యూఎస్‌బీమాన్‌లో ఎంత వెతికినా ఆ -110 దొరికేది కాదు. కారణం తర్వాత తెలిసింది: గడువు ముగిసినప్పుడు కెర్నెల్ ఆ అభ్యర్థనను తానే రద్దు చేస్తుంది, రద్దయిన యూఆర్‌బీ -2తో తిరిగి వస్తుంది, అడిగినవారికి మాత్రం దాన్ని -110గా మార్చి చెబుతుంది. యూఎస్‌బీ పరికరాలతో మాట్లాడే లిబ్‌యూఎస్‌బీ లైబ్రరీ మీద రాసిన ప్రోగ్రాములు గడువు తీరాక బదిలీని రద్దు చేసినా ఇక్కడ కనిపించేది -2నే. కాబట్టి ఆ అంకె కనిపించినప్పుడు పరికరం తప్పుగా మాట్లాడలేదనీ, అసలు మాట్లాడనే లేదనీ, అడిగినవారు ఎదురుచూసి విరమించుకున్నారనీ గ్రహించాలి. ఈ ఒక్క తేడా తెలిసిన తర్వాత నా వెతుకులాటకు పట్టే సమయం బాగా తగ్గింది.

మొదటి ఏడాదిలో నేనే రాసిన ఒక ప్రోగ్రాము ఈ సాధనం విలువను నాకు గట్టిగా నేర్పింది. కొలత పరికరం నుంచి 24 బైట్ల జవాబు రావాలి కనుక 24 బైట్ల బఫర్‌తోనే చదివేవాడిని. అది చాలా రోజులు పనిచేసి, ఆ తర్వాత అప్పుడప్పుడూ విఫలం కావడం మొదలైంది. యూఎస్‌బీమాన్‌లో చూస్తే విఫలమైన ప్రతిచోటా -75 ఉంది. అంటే మనం ఇచ్చిన చోటు కంటే పరికరం ఎక్కువ పంపింది. పరికరం ఒక్కోసారి రెండు జవాబులను ఒకే ప్యాకెట్‌లో పంపుతోంది. ఆ జవాబులు వచ్చే ఎండ్‌పాయింట్ (పరికరంలోని డేటా ద్వారం) ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం 64 బైట్లు. చదివే బఫర్ ఎప్పుడూ ఆ గరిష్ఠ పరిమాణానికి గుణిజంగా ఉండాలనే నియమాన్ని నేను పాటించలేదు. 64కు మార్చి, వచ్చిన బైట్లను ప్రోగ్రాములోనే విడదీయగానే లోపం పూర్తిగా పోయింది. పరికరం మీద ఫిర్యాదు రాయబోతూ ఆగి, ఈ రికార్డు చూసినందుకు ఇప్పటికీ సంతోషిస్తాను.

మరొకసారి, సీరియల్ పోర్టుగా కనిపించే ఒక చిన్న బోర్డు తగిలించిన వెంటనే కొన్ని సెకన్లపాటు అర్థంలేని ఆదేశాలు అందుకున్నట్టు ప్రవర్తించింది. నా ప్రోగ్రాము అప్పటికి నడవడం లేదు. అయినా యూఎస్‌బీమాన్‌లో బోర్డు వైపు వెళుతున్న బైట్లు కనిపించాయి: 41, 54. అవి హెక్సాడెసిమల్‌లో ఏ, టీ అక్షరాల ఆస్కీ సంకేతాలు, మోడెమ్ ఆదేశాలు ఈ రెండు అక్షరాలతోనే మొదలవుతాయి. మోడెమ్‌లను చూసుకునే మోడెమ్‌మేనేజర్ అనే నేపథ్య ప్రోగ్రాము ఆ బోర్డును మోడెమ్ కావచ్చునని భావించి పలకరిస్తోంది. ఆ పరికరాన్ని వదిలిపెట్టమని చెప్పే యూడెవ్ (లినక్స్‌లో పరికరాలను నిర్వహించే సేవ) నియమం ఒకటి రాస్తే సరిపోయింది. ఎవరు పంపుతున్నారో యూఎస్‌బీమాన్ చెప్పదు, ఏమి పంపుతున్నారో చెబుతుంది. ఆ రెండో విషయం తెలిస్తే మొదటిది ఊహించడం సులభం.

ల్యాప్‌టాప్‌లో మాత్రమే వచ్చిన ఇంకొక సమస్యకు మూలం విద్యుత్ పొదుపు. ప్రోగ్రాము నిమిషానికొకసారి పరికరాన్ని తెరిచి, చదివి, మూసేది. మూసిన 2 సెకన్లకు కెర్నెల్ దాన్ని నిద్రపుచ్చేది, మేల్కొన్నప్పుడు పరికరం తన అమరికలను మరిచిపోయేది. ప్రతి విఫలమైన చదువుకూ ముందు హబ్బు పోర్టును మేల్కొలిపే అభ్యర్థన రికార్డులో స్పష్టంగా ఉంది. పరికరాల అమరికలను ఫైళ్లుగా చూపే సిస్‌ఎఫ్‌ఎస్‌లో ఆ పరికరం పవర్ డైరెక్టరీలోని కంట్రోల్ ఫైలులో 'ఆటో' తీసి 'ఆన్' అని రాయగానే సమస్య తీరింది.

అయితే ప్రతి లోపానికీ ముందుగా దీన్నే తెరవడం సరికాదని నా అభిప్రాయం. అనుమతుల సమస్యలు ఇందులో కనిపించవు, ఎందుకంటే పరికరం ఫైలు తెరవడమే విఫలమైతే యూఆర్‌బీ పుట్టదు. రికార్డు ఖాళీగా ఉంటే అది కూడా ఒక సమాధానమే: లోపం తీగకు ఇవతల ఉంది. అప్పుడు, ప్రోగ్రాము కెర్నెల్‌ను ఏమి అడుగుతోందో చూపే ఎస్‌ట్రేస్‌తో చూడాలి. తెరిచేటప్పుడు 13వ సంఖ్య లోపం (EACCES) వస్తే అనుమతి లేదు. పరికరంలోని ఇంటర్‌ఫేస్‌ను (ఒక పనికి చెందిన భాగాన్ని) తీసుకునేటప్పుడు 16వ సంఖ్య లోపం (EBUSY) వస్తే మరో డ్రైవరో ప్రోగ్రామో దాన్ని ముందే పట్టుకుంది. అనుమతి కోసం యూడెవ్ నియమంలో, లాగిన్ అయిన వాడుకరికి అనుమతినిచ్చే యూయాక్సెస్ ట్యాగు వాడేవారు తమ ఫైలు పేరును 73 కంటే చిన్న సంఖ్యతో మొదలుపెట్టాలి, లేకపోతే నియమం సరిగ్గానే ఉన్నా ఫలితం ఉండదు. దీనికి నేను ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను.

దీని పరిమితి గురించి కూడా స్పష్టంగా చెప్పాలి. యూఎస్‌బీమాన్ చూసేది కెర్నెల్‌కూ హోస్ట్ కంట్రోలర్‌కూ మధ్య జరిగేదాన్ని, తీగ మీద జరిగేదాన్ని కాదు. పరికరం 'ఇప్పుడు కాదు' అని పంపే నాక్‌లూ, కంట్రోలర్ తనంతట తాను చేసే పునఃప్రయత్నాలూ ఇక్కడికి రావు. వాటిని చూడాలంటే హార్డ్‌వేర్ అనలైజర్ తప్ప మార్గం లేదు. వైర్‌షార్క్ లేకుండా టెక్స్ట్ రూపంలో చదివితే ప్రతి బదిలీలో మొదటి 32 బైట్లే కనిపిస్తాయి కనుక పెద్ద ప్యాకెట్లకు అది చాలదు. రికార్డింగును పరికరం తగిలించక ముందే మొదలుపెట్టాలి. పరికరం తన గురించి తాను చెప్పే వివరాలైన డిస్క్రిప్టర్లు అందులో ఉంటేనే వైర్‌షార్క్ తర్వాతి బైట్లను సరిగా విడమరచి చూపగలదు.

ఇతరుల సహాయం కోసం రికార్డును పంపేవారికి ఒక హెచ్చరిక. వైర్‌షార్క్ జాబితాలో సున్నా సంఖ్య ఉన్న యూఎస్‌బీమాన్ ఇంటర్‌ఫేస్ అన్ని బస్సులనూ కలిపి నమోదు చేస్తుంది. అదే సమయంలో యూఎస్‌బీ కీబోర్డు మీద నొక్కిన ప్రతి మీటా, పాస్‌వర్డులతో సహా, అందులో ఉంటుంది. నేను కీబోర్డును వేరే బస్సుకు మార్చి, కావలసిన బస్సును మాత్రమే నమోదు చేసి, పంపేముందు పరికరం చిరునామాతో వడపోసి కొత్త ఫైలుగా భద్రపరుస్తాను.