థ్రెడ్ జాబ్ పట్టే చీలిక బుష్‌ల సెట్ కొనేవాళ్ళకు జాగ్రత్త: నా 24 ప్లగ్గుల్లో 7 తుక్కులోకి పోయాయి

ఆన్‌లైన్‌లో లేత్ (లోహపు ముక్కని తిప్పుతూ కోసే యంత్రం) సామాను వెతికేవాళ్ళకు ఈ సెట్ కనబడే ఉంటుంది. లోపల థ్రెడ్, పక్కన నిలువునా ఒక చీలిక, ముందు కాలర్ (వెడల్పాటి అంచు) ఉన్న గుండ్రటి బుష్‌లు, అంటే పొట్టి గొట్టాల్లాంటి ముక్కలు. ఎం6 నుంచి ఎం20 దాకా (6 నుంచి 20 మి.మీ. థ్రెడ్‌లకు) ఒక డబ్బాలో వరుసగా పేర్చి ఉంటాయి. థ్రెడ్ ఉన్న జాబ్‌ని (కోయాల్సిన ముక్కని) బుష్‌లోకి తిప్పి, బుష్‌ని మూడు జాల చక్‌లో (మూడు దవడలతో పట్టి తిప్పే లేత్ భాగంలో) బిగిస్తే చీలిక మూసుకుని థ్రెడ్‌ని గట్టిగా పట్టేస్తుందనీ, థ్రెడ్ మీద ఒక్క గీత కూడా పడదనీ చెబుతారు. చెప్పింది అబద్ధం కాదు. సరిగ్గా చేసిన బుష్ అలాగే పనిచేస్తుంది. నాకొచ్చినవి సరిగ్గా చేసినవి కావు. ఫోటో చూసి అది కనిపెట్టడం ఎవరి వల్లా కాదు కాబట్టే ఇదంతా రాస్తున్నాను. అమ్మినవాళ్ళ పేరు రాయను. ఇదే ఫోటోతో ఇదే సరుకు చాలామంది అమ్ముతున్నారు, ఒక పేరు చెబితే మిగతావాళ్ళవి మంచివనుకుంటారు.

పని ఇదీ. స్టెయిన్‌లెస్ ప్లగ్గులు 24. వెనక ఎం16×2 థ్రెడ్ (వ్యాసం 16 మి.మీ., పిచ్ అంటే చుట్టుకీ చుట్టుకీ దూరం 2 మి.మీ.), 14 మి.మీ. పొడవు. ముందు 26 మి.మీ. తల. థ్రెడ్ ముందే కోసి ఉంది. తలని 25కి టర్న్ చేసి (చుట్టూ కోసి), ఫేసింగ్ చేసి (ముందు మొహాన్ని చదునుగా కోసి), మధ్యలో 6 మి.మీ. బెజ్జం ఆరపార వేయాలి. తల చుట్టూ టూల్ తిరగాలి కాబట్టి దాన్ని చక్‌లో పట్టలేం. మిగిలింది థ్రెడ్ వైపే. నేరుగా జాలలో బిగిస్తే థ్రెడ్ మొనలు నలిగిపోతాయి, ఆ తర్వాత నట్టు ఎక్కదు. రాగిరేకు చుట్టి పట్టొచ్చు, ఒకటి రెండు ముక్కలకు నేనూ అలాగే చేస్తాను. 24 ముక్కలకు ప్రతిసారీ రేకు చుడుతూ కూర్చోవడం అయ్యే పని కాదు. అందుకే సెట్ కొన్నాను.

మొదటి ముక్క బాగానే వచ్చినట్టు అనిపించింది. రెండోదాన్ని బయటికి తీసి వెనక వైపు చూస్తే బెజ్జం మధ్యలో లేదు. వెర్నియర్‌తో థ్రెడ్ అంచు నుంచి బెజ్జం దాకా కొలిస్తే ఒక పక్క 5.1, ఎదురు పక్క 4.7 మి.మీ. వచ్చింది. ముందు డ్రిల్ మీదే అనుమానం వచ్చింది. రెండు అంచులూ సమంగా లేకపోతే డ్రిల్ పక్కకు పోతుంది కదా. గ్రైండ్ చేశాను, సెంటర్ డ్రిల్ కొత్తది వేశాను, టెయిల్‌స్టాక్ (చక్‌కి ఎదురుగా డ్రిల్‌ని పట్టే భాగం) కూడా సరిచూశాను. మూడోదీ అంతే, నాలుగోదీ అంతే. అప్పుడు డయల్ గేజ్ (తిరిగే ముక్క ఎంత ఊగుతోందో సూదితో చూపేది) తీశాను. నిజానికి అది మొదటి ముక్కకు ముందే తీయాల్సింది. కొత్త సామానం, మెరుస్తోంది, బాగుంటుందిలే అనుకున్నాను.

చక్‌లో గ్రౌండ్ పిన్ (కచ్చితంగా గుండ్రంగా గ్రైండ్ చేసిన కడ్డీ) బిగించి చూస్తే సూది 0.05 మి.మీ. తిరిగింది. మూడు జాల చక్‌కి అది మామూలే, నేను పేచీ పెట్టను. ఎం16 బుష్ బిగించి, థ్రెడ్ సరిగ్గా ఉన్న ఒక పొడవాటి స్టడ్‌ని (తల లేని థ్రెడ్ కడ్డీని) అందులోకి తిప్పి డయల్ పెట్టాను. బుష్ మొహం దగ్గరే 0.3 దాటింది. 60 మి.మీ. ముందుకు జరిపితే సూది అర మిల్లీమీటరు పైనే ఊగింది. అంటే తప్పు రెండు చోట్ల ఉంది. బుష్ బయటి వ్యాసానికీ లోపలి థ్రెడ్‌కీ కేంద్రం ఒకటి కాదు. అది చాలదన్నట్టు జాబ్ వంకరగా కూడా కూర్చుంటోంది.

వంకర సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. థ్రెడ్ జాబ్‌ని సెంటర్ చేస్తుందని అనుకుంటాం. చేయదు. బోల్టుకీ నట్టుకీ మధ్య సందు ఉండాలి, లేకపోతే అది తిరగదు. ఆ సందులో జాబ్ ఎటైనా ఒరుగుతుంది. థ్రెడ్ పని లాగడం వరకే. లాగితే జాబ్ భుజం (థ్రెడ్ ముగిసి తల మొదలయ్యే మెట్టు) వెళ్ళి బుష్ మొహానికి ఆనుతుంది. జాబ్ తిన్నగా నిలబడేది ఆ మొహం మీదే. మొహం అక్షానికి లంబంగా లేకపోతే ఎంత గట్టిగా తిప్పితే అంత కచ్చితంగా వంకరగా కూర్చుంటుంది. ఒక లెక్క చూడండి. 24 మి.మీ. వ్యాసం ఉన్న మొహం మీద ఈ అంచుకీ ఆ అంచుకీ 0.1 తేడా ఉందనుకుందాం. ఆ మొహం నుంచి 60 మి.మీ. దూరంలో జాబ్ 0.25 పక్కకు పోతుంది. తిరుగుతున్నప్పుడు డయల్ అందుకు రెట్టింపు, 0.5 చూపిస్తుంది. నా బుష్ మొహం మీద నీలం (ఎక్కడ ఆనుతోందో చూపే రంగు) రాసి ప్లగ్ తిప్పి చూశాను. భుజం మీద రంగు ఒక పక్కనే, చంద్రవంకలా అంటుకుంది.

ఇంతవరకైతే మొహం ఫేసింగ్ చేసుకుని సర్దుకునేవాణ్ణే. అసలు మోసం చీలికలో ఉంది.

ఫోటోలో చీలిక ముందు వైపు కాలర్ మీద కూడా కనబడుతుంది. చేతిలోకి తీసుకుని దీపం ముందు పెట్టి చూస్తే అది కాలర్ మీద పైపైన వేసిన గాడి మాత్రమే, లోపలికి దిగలేదు. నిజమైన కోత వెనక నుంచి మొదలై ముందు మొహానికి 4 మి.మీ. ఇవతలే ఆగిపోయింది. అంటే చక్ బిగిస్తే వెనక కొన మూసుకుంటుంది, ముందు భాగం రింగులా బిర్రుగా ఉండిపోతుంది. నా ప్లగ్ థ్రెడ్ 14 మి.మీ., బుష్ పొడవు 25. ప్లగ్ ముందు సగంలోనే ఉంటుంది. బుష్ మూసుకునే చోట ప్లగ్ లేదు, ప్లగ్ ఉన్న చోట బుష్ మూసుకోదు! నేను జాబ్‌ని పట్టుకున్నాననుకుంటున్నానే గానీ నిజానికి అది ఒక మామూలు నట్టులో చేత్తో తిప్పిన ప్లగ్ మాత్రమే.

మరి కోత పడుతున్నప్పుడు ఎందుకు జారలేదంటే, కుడిచేతి థ్రెడ్ కాబట్టి. స్పిండిల్ (చక్‌ని తిప్పే ఇరుసు) ముందుకు తిరుగుతుంటే టూల్ జాబ్‌ని వెనక్కి ఆపుతుంది, ఆ ఒత్తిడికి జాబ్ బుష్‌లోకి ఇంకా బిగుసుకుంటుంది. డ్రిల్ పట్టేసినా అదే దిక్కులో బిగుసుకుంటుంది. అందుకే పనయ్యాక చక్ వదులు చేసినా ప్లగ్ ఊడి వచ్చేది కాదు. తలకి పానా వేసి తిప్పాల్సి వచ్చి, ఫినిష్ చేసిన తల మీద గీతలు పడ్డాయి. చక్ వదలగానే జాబ్ చేత్తో తిరిగి రావడమే చీలిక బుష్ గొప్పతనం. అదే లేకపోతే ఇక చీలిక ఎందుకు?

ఆపేటప్పుడు పరిస్థితి తిరగబడుతుంది. నా మెషిన్‌కి కాలి బ్రేకు ఉంది. కొత్త ముక్క చేత్తో బిగించి, స్పిండిల్ వేసి, ఊగుతోందేమో ఒకసారి చూసి బ్రేకు తొక్కేవాణ్ణి. చక్ ఆగుతుంది, బరువైన తల ఆగదు, ఆ ఊపుకి ప్లగ్ వెనక్కి ఊడుతుంది. పావు చుట్టు ఊడితే చాలు, పిచ్ 2 కాబట్టి ప్లగ్ అర మిల్లీమీటరు ముందుకు వచ్చినట్టే. టూల్ పెట్టిన చోటే ఉంది, తల ముందుకొచ్చింది. ఫేసింగ్‌లో అంత ఎక్కువ తినేసింది. తల మందం తగ్గి పోయినవి మూడు, బెజ్జం పక్కకు పోయినవి నాలుగు. మొత్తం ఏడు. ఎడమచేతి థ్రెడ్ జాబ్ అయినా, స్పిండిల్ వెనక్కి తిప్పి చేసే పని అయినా అర మిల్లీమీటరుతో ఆగేది కాదు. మొత్తం ఊడి బయటికి వచ్చేది. ఆ ఎదురుగా నా మొహం ఉండేది.

సెట్‌లో మిగతావి కూడా చూశాను. ఎం12 అని ముద్ర వేసిన బుష్‌లోకి మామూలు ఎం12 బోల్టు రెండు చుట్లు వెళ్ళి ఇరుక్కుంది. పిచ్ గేజ్ పెడితే 1.5. మామూలు ఎం12కి 1.75 ఉండాలి. 1.5 కూడా ఉంది, కానీ అది ఫైన్ (సన్న పిచ్), దాన్ని ముద్రలో రాయాలి కదా. బలంగా తిప్పి ఉంటే బుష్‌తో పాటు బోల్టు కూడా పోయేది. హార్డెన్ చేసిన ఉక్కు అని రాశారు, ఫైలు పెడితే వెన్నలా దిగింది. ఇందులో ఒక మాట నిజాయితీగా చెప్పాలి. మెత్తని బుష్ చెడ్డది కాదు. మనకు కావాల్సినప్పుడు మొహం ఫేసింగ్ చేసుకోవచ్చు, జాబ్ థ్రెడ్ కూడా చెడదు. మెత్తగా ఉన్నందుకు కాదు, లేనిది ఉందని రాసినందుకు నా కోపం.

అమ్మినవాళ్ళకు డయల్ వీడియో, చీలిక ఫోటోలు పంపాను. మీ చక్ జాలు అరిగి ఉంటాయన్నారు. గ్రౌండ్ పిన్ వీడియో పంపాను. ఎక్కువ బిగించి ఉంటారన్నారు. కొయ్యని చోట చీలిక బిగిస్తే ఎలా పుడుతుందో అడిగాను. దానికి జవాబు లేదు. ఈలోగా వాపసు గడువు అయిపోయింది. రివ్యూలు నేను చదివే కొన్నాను. ఇప్పుడు మళ్ళీ చదివితే అన్నీ డబ్బా విప్పినరోజు రాసినవే. ప్యాకింగ్ బాగుంది, తళతళలాడుతున్నాయి, త్వరగా వచ్చాయి. ఒక్కరూ డయల్ పెట్టలేదు. నేను రాసినా మొదటిరోజు అదే రాసేవాణ్ణేమో.

అందుకని కొనదలచినవాళ్ళు ముందుగా వెనక వైపు నుంచి, వెలుతురు ఎదురుగా పెట్టి తీసిన ఫోటో అడగండి. చీలిక ఈ చివరి నుంచి ఆ చివరికి వెలుగు కనబడాలి. ఇవ్వకపోతే వదిలేయండి. వచ్చిన రోజే, గడువు ఉండగానే, బుష్ చక్‌లో పెట్టండి. చీలిక ఏ జా కిందా పడకుండా, రెండు జాల మధ్యకు రావాలి. ముందు మొహం దగ్గర చీలికలో ఫీలర్ గేజ్ పెట్టి సందు కొలవండి. లోపల బోల్టు తిప్పి చక్ బిగించాక మళ్ళీ కొలవండి. ముందు వైపు సందు కొంచెమైనా తగ్గాలి, బోల్టు చేతికి తిరగకూడదు. చక్ వదిలితే మళ్ళీ తిరగాలి. ఈ ఒక్క పరీక్ష రెండు నిమిషాల పని, నేను చేసి ఉంటే ఏడు ముక్కలు మిగిలేవి. తర్వాత డయల్, ఆ తర్వాత మొహానికి నీలం. ప్రతి సైజుకీ పిచ్ గేజ్ కూడా పెట్టండి, ముద్రని నమ్మకండి.

మిగిలిన ముక్కలు నేను చేసిన బుష్‌తోనే పూర్తి చేశాను. మైల్డ్ స్టీల్ 32 మి.మీ. రాడ్ ముక్క చక్‌లో పట్టి, 14 మి.మీ. డ్రిల్ వేసి, ట్యాప్ (లోపలి థ్రెడ్ కోసే పనిముట్టు) వెనక టెయిల్‌స్టాక్ సెంటర్ ఆనించి, చక్‌ని చేత్తో తిప్పుతూ థ్రెడ్ చేశాను. ట్యాప్ పక్కకు ఒరిగితే అంతా వృథా, చేతనైతే థ్రెడింగ్ టూల్‌తో కొయ్యడమే మేలు. బెజ్జం మూతి దగ్గర రెండు చుట్ల థ్రెడ్ తీసేశాను, ప్లగ్ భుజం కింద థ్రెడ్ పూర్తిగా దిగని చోటు అక్కడ అడ్డుపడకుండా. తర్వాత ముక్క విప్పకుండా అదే పట్టులో మొహం ఫేసింగ్ చేశాను. థ్రెడ్, మొహం ఒకే పట్టులో కావాలి, ముఖ్యమైనది అదే. ఒకటో నెంబరు జా ఎదురుగా సెంటర్ పంచ్‌తో చుక్క పెట్టి, అప్పుడు విప్పి, హ్యాక్సాతో ఈ చివరి నుంచి ఆ చివరికి కోసి, లోపల బర్రు (కోతకి లేచిన గరుకు అంచు) మూడు పలకల ఫైలుతో తీసేశాను. మళ్ళీ పెట్టేటప్పుడు చుక్క ఒకటో జాకి ఎదురుగా. లోపల ఒక ప్లగ్ పెట్టి తల మీద డయల్ చూస్తే 0.05. విప్పి మళ్ళీ పట్టడంలో వచ్చే కొద్దిపాటి తేడా అది. పని గంటలోపే.

అంత తీరిక లేనప్పుడు ఎం16 నట్టు తీసుకుని ఒక పలక మధ్యలో నిలువునా కోయండి. కోసిన పలక మీద జా పడకుండా మూడు జాలలో పట్టండి. తేలిక కోతలకు పనికొస్తుంది, కానీ నట్టు మొహాన్ని నమ్మకండి, చక్‌లో పెట్టాక దాన్నీ ఒకసారి ఫేసింగ్ చేసుకోండి. ఒక స్టడ్ మీద రెండు నట్లు ఒకదానికొకటి బిగించి పై నట్టుని పట్టే పద్ధతి జాబ్ తిరగకుండా ఆపుతుంది గానీ సెంటర్ మాత్రం చేయదు. ఈఆర్ కాలెట్ (ముక్కని చుట్టూ సమంగా పట్టే చీలికల గొట్టం) ఉన్నవాళ్ళు పొడవాటి స్టడ్‌కి వాడుకోండి, మొనల మీదే పట్టు పడుతుంది కాబట్టి మరీ బిగించకండి. 14 మి.మీ. థ్రెడ్‌కి మాత్రం కాలెట్ లోపల సగం ఖాళీగా ఉండిపోయి ముందు వైపు మాత్రమే బిగుసుకుంటుంది, దాంతో జాబ్ ఒరుగుతుంది. పొడవాటి స్టడ్ స్పిండిల్ వెనక నుంచి బయటికి వస్తే దానికి ఆధారం పెట్టకుండా వేగం పెంచొద్దు, కొన వంగి కొరడాలా కొడుతుంది.

ఆ సెట్‌లో ఎం8 బుష్ ఒక్కటే ఆరపార చీలి ఉంది. డయల్ 0.06 చూపింది. అదొక్కటీ చుక్క పెట్టుకుని వాడుతున్నాను. మిగతావాటికి చీలిక పూర్తిగా కోసి మొహాలు ఫేసింగ్ చేసుకోవచ్చు, కానీ థ్రెడ్ కేంద్రమే తప్పినప్పుడు ఆ శ్రమంతా దేనికి? వాటిని తుక్కు డబ్బాలో ప్లగ్గుల పక్కనే పడేశాను.