నీలం డబ్బాలో వచ్చే ఆ వెల్డింగ్ హెల్మెట్ కొనకండి, నా రెండు కళ్ళూ కాలాయి

రెండు రోజులు కళ్ళు తెరవలేక చీకటి గదిలో పడుకుని, ఇవాళే లేచి ఇది రాస్తున్నాను. నీలం డబ్బాలో వచ్చే ఆ ఆటో డార్కెనింగ్ హెల్మెట్ (వెల్డింగ్ వెలుగు పడగానే గ్లాస్ దానంతటదే నల్లబడే రకం) మీలో చాలామంది చూసే ఉంటారు. ఆన్‌లైన్‌లో వెతికితే ముందు అదే కనిపిస్తుంది. దయచేసి కొనకండి. ఇప్పటికే కొన్నవాళ్ళు ఈ రోజే పక్కన పెట్టేయండి.

స్టిక్ వెల్డింగ్ ఈ మధ్యే నేర్చుకుంటున్నాను. ఒక చేత్తో షీల్డు పట్టుకుంటే రెండో చెయ్యి రాడ్‌కే సరిపోతుంది, ట్యాక్ (ముక్కలను నిలిపే చిన్న అతుకు) వేసేటప్పుడు జాబ్ కదిలిపోతోంది. అందుకే ఇది కొన్నాను. మూడు రోజులు వాడాను. ఆర్క్ (రాడ్ కొసన పుట్టే కరెంటు వెలుగు) కొట్టిన ప్రతిసారీ ముందు ఒక మెరుపు, ఆ తర్వాతే గ్లాస్ నల్లబడేది. ఒక్కోసారి అతుకు గీత వేస్తుండగా మధ్యలో తేటపడి మళ్ళీ నల్లబడేది. కొత్త కదా, ఇలాగే ఉంటుందేమో అనుకున్నాను. అక్కడే ఉన్న, నాకు వెల్డింగ్ నేర్పే మా సార్‌ని ఒక్క మాట అడిగితే అయిపోయేది. అడగలేదు. ఆ తప్పు మాత్రం నాదే.

మూడో రోజు సాయంత్రం కూడా బాగానే ఉన్నాను. వెల్డింగ్ కొట్టిన కళ్ళు అప్పటికప్పుడు నొప్పి పెట్టవు, కొన్ని గంటలు పోయాక మొదలవుతుంది. అర్ధరాత్రి దాటాక మెలకువ వచ్చింది, రెప్పల కింద వేడి ఇసుక పోసినట్టుంది. లైట్ వేయగానే అరిచేశాను. డాక్టర్ చూసి కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) పైపొర కాలిందన్నారు. మొద్దుబార్చే చుక్కల మందు ఇంటికి ఇమ్మని బతిమాలినా ఇవ్వలేదు, అది పదేపదే వేసుకుంటే గాయం మానదట.

అమ్మినవాళ్ళకు ఫోటోలతో సహా అంతా రాశాను. డబ్బు సంగతి తర్వాత, ముందు అమ్మడం ఆపండి అని అడిగాను. గంటలో జవాబు వచ్చింది: "మీరు ఇంకా నేర్చుకుంటున్నారు కదండీ. హెల్మెట్ దించకముందే ఆర్క్ కొట్టి ఉంటారు. మా దగ్గర కొన్న వెల్డర్లెవరికీ ఈ సమస్య రాలేదు." సగమే తెరుచుకుంటున్న కళ్ళతో దాన్ని నాలుగైదుసార్లు చదివాను. హెల్మెట్ దించకుండా నేను ఒక్క రాడ్ కూడా కాల్చలేదు. కానీ ఆ మాట చదివాక ఒక పూటంతా నన్ను నేనే అనుమానించుకున్నాను. నొప్పి కంటే అదే ఎక్కువ బాధ పెట్టింది. కొత్తవాడికి ఏది తప్పో తెలియదు, ఏం చెప్పినా తలూపుతాడని వాళ్ళకు తెలుసు. మళ్ళీ రాస్తే, వాడిన వస్తువు వెనక్కి తీసుకోం అని చెప్పి చాట్ మూసేశారు.

హెల్మెట్ మా సార్‌కి చూపించాను. పక్కవాళ్ళ ఆర్క్ వెలుగు వెనక నుంచి పడిందా అని ముందు అడిగారు. లేదు, మూలలో నేనొక్కడినే ఉన్నాను. అప్పుడు గ్లాస్ ఊడదీశారు. యూరప్ EN 379 ప్రమాణంతో చేసిన ఫిల్టర్ (ఆ నల్లబడే గ్లాస్) అయితే దాని మీదే 4/9-13 లాంటి అంకెలు, చివర 379 అని ముద్రించి ఉంటాయి. 4 అంటే తేటగా ఉన్నప్పటి షేడ్ (ఎంత నలుపో చెప్పే అంకె), 9-13 అంటే నల్లబడ్డాక. నా దాని మీద ఒక్క గీత కూడా లేదు, రాతలన్నీ డబ్బా మీది స్టిక్కర్‌లోనే. ఆయన ఇంకో మాట చెప్పారు, అది విన్నాక ఒళ్ళు మండిపోయింది. సరైన ఫిల్టర్ నల్లబడకపోయినా, బ్యాటరీ అయిపోయినా, అతినీలలోహిత కిరణాలను మాత్రం ఎప్పుడూ ఆపుతూనే ఉంటుందట. మెరుపుకు కళ్ళు చెదురుతాయి గానీ ఇలా కాలవు. అంటే నేను మూడు రోజులు ముఖానికి పెట్టుకున్న గాజు ఆ పనే చేయలేదు.

కొనేముందు గ్లాస్ మీది ముద్రను దగ్గరగా తీసిన ఫోటో అడగండి, పంపకపోతే వదిలేయండి. లైటర్ వెలిగించి చూస్తే నల్లబడిందని నమ్మేయకండి, నల్లబడటం వేరు, కిరణాలను ఆపడం వేరు. నేను ఇప్పుడు 11 నంబర్ మామూలు నల్ల గ్లాస్ హెల్మెట్‌కు మారుతున్నాను.

ఇందాకే చూశాను, అది ఇంకా అమ్మకానికే ఉంది. ఫోటో కింద "కొత్తగా నేర్చుకునేవారికి" అని రాసి ఉంది.